రెండవ సగం

నరసరావుపేటలో ముర్తుజా సాయిబు బైండింగు దుకాణానికి అందరూ చిరిగిన పుస్తకాలను కుట్టించుకొనడానికి వచ్చేవారు. నిక్షేపంగా ఉన్న కొత్త పుస్తకాన్ని తెచ్చి, మధ్యకు కోయించుకొని పోయేవారు మాత్రం ఇద్దరే ఉండేవారు.

ఆ ఇద్దరూ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం ప్రధానంగా ఎం.ఎస్సీ. చదువుతున్న యువకులు. ఒకడు నెహెమ్యా, పట్టణంలో ఒక మిషన్ పాఠశాల ప్రధానోపాధ్యాయుని ఏకైక కుమారుడు. రెండవవాడు ఇన్నయ్య, మాచర్ల దగ్గర నాపరాతి గనిలో రాయి కొట్టే చిన్నప్ప కొడుకు. బి.ఎస్సీ. నాటినుండి వారిది ఒకటే పద్ధతి. పై తరగతుల గణిత గ్రంథాలు సముద్రాలు దాటి రావాలి. వచ్చినదానిని నెహెమ్యా తండ్రి కొనేవాడు. సాయిబు దానిని రెండుగా కోసి, వేరువేరు అట్టలు వేసి, రెండు సంపుటాలుగా కుట్టి ఇచ్చేవాడు. సెలవులలో మిత్రులు చెరియొక సగం చదివి, తరువాత మార్చుకొనేవారు.

పుస్తకం తనది కనుక మొదటి సగం నెహెమ్యా తీసుకొనేవాడు. అది ఎవరూ విధించిన నియమం కాదు. ఎవరూ ప్రశ్నించిన నియమమూ కాదు. నిర్వచనాలు, మూల సిద్ధాంతాలు, తేలిక ఉదాహరణలు నెహెమ్యా వంతు. "ఇదివరలో నిరూపించిన విధంగా" అని మొదలయ్యే వాక్యాలు ఇన్నయ్య వంతు. ఇదివరలో ఏమి నిరూపించారో ఇన్నయ్యకు తెలియదు. తెలియదు కనుక తానే కూర్చుండి నిరూపించుకొనేవాడు.

"ఇట్టా కోయటం పాపం అబ్బాయ్," అని సాయిబు కత్తి పట్టినప్పుడల్లా గొణిగేవాడు. "తలకాయ ఒకరికి, కాళ్ళు ఒకరికి. ఇదేం చదువయ్యా?"

"కాళ్ళున్నోడే గదా సాయిబూ పరిగెత్తేది," అని ఇన్నయ్య నవ్వేవాడు.

పరిగెత్తనే పరిగెత్తాడు. 1965 వేసవిలో ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరం ఫలితాలు వెలువడినప్పుడు ఇన్నయ్య ప్రథముడు, నెహెమ్యా ద్వితీయుడు.

మరెవరి తరువాతనైనా ద్వితీయుడైతే నెహెమ్యా సహించి ఉండేవాడు. తన పుస్తకంలో, తాను చదివి విడిచిన సగం కొరకు ఎదురుచూచినవాడు తనను దాటిపోవడం అతనికి మింగుడుపడలేదు. దానికి తోడు ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత అతని తండ్రి మందిరం మెట్లమీద నిలబడి, సంఘ పెద్దలతో సంతోషంగా చెప్పాడు: "ఆ మాచర్ల కుర్రవాడు ఫస్టు వచ్చాడండీ. అన్నీ మన పుస్తకాలే." ద్వితీయ స్థానం సంగతి ఎవరూ అడుగలేదు, ఆయన చెప్పనూ లేదు. ఇంట్లో తల్లి మార్తమ్మ ఇన్నయ్య వచ్చినప్పుడే కొత్త జాడీలోని గోంగూర పచ్చడి తీసేది. ఇటువంటివి చిన్న విషయాలని నెహెమ్యాకు తెలుసు. చిన్నవని తెలిసినంత మాత్రాన అవి గుచ్చుకొనడం మానలేదు.

రెండవ సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఒక ప్రత్యేక విషయాన్ని ఎంచుకొనవలసి ఉండేది. ఖగోళ గణితం, ద్రవాల గతిశాస్త్రం అనేవి ఎప్పటినుండో ఉన్నవే. ఆ సంవత్సరం కొత్తగా మూడవది చేర్చారు: కంప్యూటరు చేత లెక్కలు చేయించే విద్య. ఎనిమిదిమందికే అవకాశం. మార్కుల వరుసనుబట్టి ఇస్తారు. చివర ఒక నెల ఉత్తరాదికి తీసుకొనిపోయి, నిజమైన యంత్రం ముందు కూర్చుండబెడతారు.

నెహెమ్యా మనసు డిసెంబరులోనే ఆ విద్యకు అంకితమైపోయింది. ఆ నెలలో ఒక ఆచార్యుడు వచ్చి ఉపన్యసించి, వరుసగా బెజ్జాలు పొడిచిన అట్టముక్కలను విద్యార్థులకు పంచాడు. ఎంతటి క్లిష్టమైన లెక్కనైనా, బుద్ధి లేని యంత్రానికి అర్థమయ్యేటంత చిన్న చిన్న ఆజ్ఞలుగా విడగొట్టవచ్చునన్న ఊహ నెహెమ్యాకు మత్తువలె ఎక్కింది. ఆ అట్టముక్కను ఇంటికి తెచ్చి తల్లికీ తండ్రికీ చూపించాడు. ఇన్నయ్యతో మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. తాను కోరుకున్న పిల్ల పేరు అందగాడైన స్నేహితుని ముందు ఎవడెత్తుతాడు?

సెలవులకు బయలుదేరిన రోజున రైల్వే ప్లాట్‌ఫారం మీద ఇన్నయ్యే ఆ ప్రస్తావన తెచ్చాడు.

"నువ్వేది పెడితే నాకూ అదేరా. పుస్తకం నీది, కోత సాయిబుది, చదువుకోటం నాది. అయినా ఆ కంప్యూటర్ల పేపరు బాగుంటదనిపిస్తంది. ఏమంటావ్?"

"చూద్దాంలే," అన్నాడు నెహెమ్యా.

నెహెమ్యా ఇంటికి చేరి చూచిన లెక్క ఇది. తాను కంప్యూటర్లు ఎంచుకుంటే ఇన్నయ్య వెంట వస్తాడు. వస్తే ప్రథముడవుతాడు. ఇంతకాలం పోయినవి మార్కులే. ఈసారి తాను ప్రేమించిన విద్యే వాడి పేరుమీద చెలామణి అవుతుంది. తాను ఖగోళం ఎంచుకుంటే వేరే పుస్తకం కొనే తాహతు లేని ఇన్నయ్య ఖగోళానికే వస్తాడు. అక్కడ వాడు ఎంత ప్రథముడైనా తనకు నొప్పి లేదు. తన విస్తట్లో ఎదుటివాడు చెయ్యి పెడతాడని విస్తరినే ఆవలికి నెట్టేవాని తర్కం ఇది. ఆకలి తనదేనన్న సంగతి ఆ తర్కంలో లెక్కకు రాదు.

అతడు ఖగోళ గణితం కోరుతూ విశ్వవిద్యాలయానికి జాబు పంపాడు. తనకు చిన్ననాటినుండి నక్షత్రాలంటే ప్రీతి అని ఇన్నయ్యకు ఒక కార్డు వ్రాశాడు.

వారం తిరుగకుండానే ఒక మధ్యాహ్నం ఇన్నయ్య మాచర్ల బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చాడు.

"వందనాలు పెద్దమ్మా!"

"రా నాయనా. ఇంత ఎండన పడి వచ్చావా? కాళ్ళు కడుక్కో, అన్నం తిందువుగాని," అంటూ మార్తమ్మ పీటలు వాల్చింది. జాడీ కూడ దిగింది.

ఇన్నయ్య రెండు ముద్దలు తిని మొదలుపెట్టాడు. "నీ కార్డు అందిందిరా. నాకు చుక్కలంటే పెద్ద ఇది లేదు గానీ, నువ్వు పెట్టావు గదా అని నేనూ అదే రాయబోయినా. ఎందుకైనా మంచిదని ముందు ప్రొఫెసరు గారికి జాబు రాశా, కంప్యూటర్ల పేపరుకు ఏం పుస్తకం కావాలండీ అని. ఆయనేమన్నాడో తెలుసా? పుస్తకమే లేదంట!"

"లేకపోటమేంది?"

"లేదంతే. ఈ పాఠాలకు సరిపడేది ఇంకా ఎవరూ రాయలేదంట. ఆయన చెప్తాడు, మనం రాసుకోవాల. సైక్లోస్టైలు కాగితాలు తలా ఒక కట్ట ఇస్తారు. సాయిబుకి కోసే పనే లేదు!" ఇన్నయ్య ముఖం వెలిగిపోతున్నది. "అందుకని నేను అదే పెట్టేశానురా. నీ చుక్కల పుస్తకం నువ్వు మొత్తం చదూకో, ఒకేసారి. నా పీడ వదిలింది నీకు."

నెహెమ్యా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ప్రతి చదువుకూ ఒక పుస్తకం ఉంటుందనీ, ఆ పుస్తకం తన ఇంట ఉంటుందనీ నాలుగేళ్ళుగా నమ్మినవాడు అతడు. పుస్తకమే పుట్టని చదువు ఒకటి ఉండగలదని అతని ఊహకు తట్టలేదు.

మార్తమ్మ మజ్జిగ గిన్నె పట్టుకొని నిలబడిపోయింది. "అదేందిరా, చుక్కలేంది? క్రిస్మసు కాడ్నించి ఆ లెక్కలేసే మిషను గోలేగా నీది! అట్టముక్కకు బెజ్జాలు చూపించి మా ప్రాణాలు తోడేశావే!"

ఇన్నయ్య తినడం ఆపాడు. "నిజంగానా?"

"అమ్మకేం తెలుసు? నాకు ఖగోళమే ఇష్టం."

"మరి ఆ రోజు ప్లాట్‌ఫారం మీద—"

"ఇష్టమన్నాగా!"

ఇన్నయ్య అతనివైపు కొంతసేపు చూచాడు. కఠినమైన లెక్క ఎదురైనప్పుడు చూచే చూపు అది. "నెలాఖరుదాకా గడువుందిరా. నీది రెండో నంబరు. టెలిగ్రాం కొడితే మార్చేస్తారు," అన్నాడు నెమ్మదిగా.

"నీ సలహా అడిగానా?"

"సరేలే." ఇన్నయ్య మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కొని, "వస్తా పెద్దమ్మా, సాయంత్రం బస్సుకి పోవాల," అని చెప్పి వెళ్ళిపోయాడు.

అతడు వెళ్ళిన తరువాత నెహెమ్యా మంచంమీద పడుకొని పైకప్పు చూస్తూ గడిపాడు. ఎనిమిదిమంది యంత్రం చుట్టూ నిలబడి ఉన్నారు. వారిలో ఇన్నయ్య బెజ్జాల అట్టముక్కల కట్టను చేత పట్టుకొని ఉన్నాడు. యంత్రం అతడు చెప్పినట్లు వింటున్నది. ఈ దృశ్యం ఎన్నిసార్లు తరిమినా మరలి వచ్చింది. ఇన్నయ్య తనతో ఉండడం సహించలేక తాను వదలుకున్న చోట ఇప్పుడు ఇన్నయ్య ఉంటాడు, తాను ఉండడు. దూరదర్శిని ప్రక్కన ఒంటరిగా కూర్చుండి, ఒక్క కోత పడని పుస్తకాన్ని మొదటినుండి చివరివరకు తాపీగా చదువుకుంటాడు. ఏ అసూయ అతని చేత ఖగోళమని వ్రాయించిందో, ఆ అసూయే అతనిని మంచంమీదనుండి లేపి చొక్కా తొడిగించింది.

తంతి కార్యాలయంలో గుమాస్తా మస్తాన్‌రావు అతనిని చూచి కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు.

"ఏమోయ్ నెహెమ్యా, జ్వరమన్నాడే మీవాడు? తిరుగుతున్నావేంది?"

"మావాడెవడు?"

"ఆ మాచర్ల పిల్లోడు. నువ్వు మంచం దిగలేకపోతన్నావంట గదా. నీ టెలిగ్రాం ఇందాకే పోయిందిలే, దిగులుపడబాక."

"నా టెలిగ్రామా?"

"నీ పేరు మీదే ఇచ్చాడు. ఖగోళం రద్దు, కంప్యూటర్లు కావాలి, జాబు వెనక వస్తంది — ఇంతే. ఇంగ్లీషు మాత్రం ఒక్క తప్పు లేదు," అని మస్తాన్‌రావు మెచ్చుకోలుగా తల ఊపాడు.

నెహెమ్యాకు ఊపిరి తేలికపడింది. మరుక్షణంలోనే ఒళ్ళు భగ్గుమన్నది. తన కోరికను సైతం వాడే వ్రాసి పంపాడు. రేపు తాను ఆ ఎనిమిదిమందిలో నిలబడితే, అది వాడు జాలిపడి ఇప్పించిన చోటు అవుతుంది. పుస్తకంలో సగమిచ్చినవాడు ఇప్పుడు పుచ్చుకొనేవాడయ్యాడు. అతడు ఒక ఖాళీ ఫారం అడిగి తీసుకున్నాడు. ఇంతకుముందు పంపిన తంతిని లెక్కచేయవద్దని సగం వ్రాశాడు. కలం ముందుకు సాగలేదు. ఫారాన్ని నలిపి జేబులో కుక్కుకొని బస్సుస్టాండుకు నడిచాడు.

మాచర్ల బస్సు ఇంజను మొరాయిస్తూ పొగ కక్కుతున్నది. ఇన్నయ్య కిటికీ ప్రక్కన కూర్చుండి ఉన్నాడు.

"ఎవర్ని అడిగి ఇచ్చావురా?"

"జ్వరం తగ్గిందా?"

"నవ్వబాక. నా మీద దయ చూపమని నిన్నెవడు అడిగాడు?"

ఇన్నయ్య ముఖంలో నవ్వు ఆరిపోయింది. "దయా? నీ మీదా?" అతడు కిటికీలోనుండి సగం బయటికి వంగాడు. "ఒరేయ్, నాలుగేళ్ళబట్టి ముందు రెండో సగమే చదివానురా నేను. ప్రతిసారీ నువ్వు మొదటి సగం సంకన పెట్టుకుని పోతంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ ముందు పేజీల్లో ఏముందో, ఏముందో అని అన్నం సయించేది కాదు. ఫస్టు వచ్చానా? వచ్చా. ఏమన్నారు? మీ పుస్తకాలతో వచ్చానన్నారు. మీ నాన్న మందిరం ముందర చెప్పిన మాట మాచర్ల దాకా వచ్చిందిలే."

నెహెమ్యా కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఇన్నయ్య ఆగలేదు.

"ఇప్పుడు పుస్తకం లేదు. మొదటి పేజీ నీకూ నాకూ ఒక్క రోజే. అట్టాంటి చోట నువ్వు లేకపోతే నేను ఎవర్ని గెలిచినట్టు? 'హెడ్మాస్టరు గారబ్బాయి చుక్కలకు పోయాడు గాబట్టి వీడొచ్చాడు' అంటారు. అనరా? దయ కాదు నాయనా. నిన్ను ఓడించేదానికి తీసకపోతన్నా."

"నా మీద నీకు కుళ్ళా?" అన్నాడు నెహెమ్యా. ఆ ప్రశ్నలో అతనికే తెలియని ఒక ఉత్సాహం తొంగిచూచింది.

"మామూలు కుళ్ళా! నీకు అన్నీ మొదటినించి ఉన్నయ్యి. చదూకునే గది ఉంది, దీపం ఉంది, అడిగితే చెప్పే తండ్రి ఉన్నాడు. నీకు కుళ్ళేదానికేముంది నా దగ్గర?"

"మన సాయిబు చెప్పిన కాళ్ళు," అన్నాడు నెహెమ్యా. తరువాత గొంతు తగ్గించి, "నేను చుక్కలు ఎందుకు పెట్టానో తెలుసా?" అని అడిగాడు.

"తెలవకేం! పెద్దమ్మ మజ్జిగ పోసేటప్పుడే తెలిసింది. నన్ను ఆకాశంలోకి తోలదామనుకున్నావ్. దొంగ వెధవా!"

"నువ్వు కాదూ? నా పేరు పెట్టి సంతకం చేసినోడివి!"

"చేశా. ఏం చేస్తావ్?"

"ఎనిమిదిమందిలో నీ పైన కూర్చుంటా."

"కూర్చోవయ్యా, చూద్దాం! ప్రొఫెసరు గారు మొదటిరోజు ఇచ్చే లెక్క నువ్వు ముందు చేస్తావా, నేను ముందు చేస్తానా?"

బస్సు కుదుపుతో కదిలింది. నెహెమ్యా కిటికీ ఊచ వదలకుండా ప్రక్కనే నడవసాగాడు. కండక్టరు ఫుట్‌బోర్డు మీదనుండి కసిరాడు.

"ఏందయ్యా రోడ్డు మీద కొట్లాట? ఎక్కితే ఎక్కు, లేపోతే ఊచ వదులు. లోపల కూర్చుని కొట్టుకోండి, రొంపిచెర్ల దాకా చానా సేపుంది!"

నెహెమ్యా పరుగెత్తి ఎక్కాడు. మిరపకాయల గోతాలను దాటుకొని, ఒక ముసలమ్మ తిట్లు తిని, ఆ వరుస చేరుకున్నాడు. ఇన్నయ్య కాళ్ళు ముడుచుకొని అతనికి చోటిచ్చాడు. కిటికీ ప్రక్క చోటు మాత్రం వదలలేదు.