గోడగా కూర్చున్న ఊరు

ఎబెన్‌థాల్ అనే గోధుమ పొలాల ఊళ్ళో, కాలేజీ బాస్కెట్‌బాల్ జిమ్ములో బాస్కెట్ వెనక రెండడుగుల్లోనే పొగచూరిన ఇటుక గోడ. చెక్క బోర్డును దానికే బిగించారు. దూసుకొచ్చినవాడు గుద్దుకుని తల పగలగొట్టుకోకుండా గడ్డి కూరిన పరుపొకటి వేలాడదీశారు. బయటి జట్లు ఆ గోడను తిట్టుకుంటూ ఆడేవి. మనవాళ్ళు దాన్ని చూస్తూ పెరిగినవాళ్ళు. 1953లో సొంతగడ్డ మీద ఒక్క ఆట కూడా ఓడలేదు. బయట ఆడినవి కూడా ఇలాంటి ఇరుకు జిమ్ముల్లోనే. మొత్తం మీద పదిహేడు గెలుపులు, నాలుగు ఓటములు. ఇంకొక్క ఆట గెలిస్తే కాన్సస్ సిటీలో జాతీయ పోటీలకు వెళ్ళొచ్చు. ఆ కాలేజీ పుట్టాక ఏ జట్టూ అంతదూరం పోలేదు.

ఆ జట్టులో ఆడే ఎల్డన్ ష్రాగ్‌కి ఆ ఒక్కటే కావాలి. ఆ వేసవితో చదువు అయిపోతుంది. ఊరంతా మెనొనైట్లు; ఆ క్రైస్తవ శాఖవాళ్ళు తుపాకీ పట్టరు గనక, సైన్యానికి బదులు రెండేళ్ళు పిచ్చాసుపత్రిలో సేవ చేయాలి. ఆ తర్వాత గోధుమ పొలం ఉండనే ఉంది. బంతి పట్టుకునే రోజులు మళ్ళీ రావు.

ఆఖరి ఆట విచిటా నగరంలోని కొత్త ఆడిటోరియంలో, సెయింట్ ఓడో కాలేజీతో. ఊరు ఊరంతా మూడు బస్సులు కట్టించుకుని బయల్దేరింది. అన్నిటికన్నా పెద్ద వింత, చర్చి సంఘ పెద్ద ఆంద్రియాస్ ష్రాగ్ కూడా బస్సెక్కడం. ఆయన ఎల్డన్ తండ్రి. కొడుకు ఆడిన నాలుగేళ్ళలో ఒక్క ఆటకీ రాలేదు మహానుభావుడు. ఆట చూడడం పాపం కాకపోయినా పాపానికి పక్కిల్లు అని ఆయన లెక్క.

"ఆట కోసం కాదు. ఈ చలిలో ముసలాళ్ళు బయల్దేరారు, ఎవరో ఒకరు చూసుకోవాలిగా" అన్నాడు.

"మమ్మల్నెవరూ చూసుకోనక్కర్లేదులే. కొడుకుని చూడాలనుందని నోరారా చెప్పొచ్చుగా!" అంది ఎనభై ఏళ్ళ లీనా అత్త.



తీరా అక్కడికి వెళ్తే బోర్డు గాజుది! దాని వెనక గోడా లేదు, పరుపూ లేదు. వరసల కొద్దీ ఖాళీ కుర్చీలు ఎక్కడికో పైకి పోయాయి. ఎల్డన్ మొదటి బంతి వేశాడు. అది రింగును తాకను కూడా తాకలేదు. రెండోది బోర్డు మీదుగా వెళ్ళిపోయింది. మిగతా నలుగురిదీ అదే గతి.

"ఏరా, గోధుమ బస్తా లారీలోకి విసురుతున్నావా?" అని నవ్వాడు సెయింట్ ఓడో వాళ్ళ పొడుగాటివాడు.

ఎల్డన్‌కి తల కొట్టేసినట్టయింది. నాన్న వచ్చిన రోజే ఇలా జరగాలా!

మొదటి సగం ముగుస్తుందనగా నల్లకోటు వేసుకున్న హాలు మనిషొకడు బాస్కెట్ వెనకాల వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఎల్డన్ బంతి వేశాడు. వల చప్పుడైంది! ఆ మనిషి వెళ్ళిపోయాక మళ్ళీ వేస్తే మళ్ళీ గురి తప్పింది.

వాళ్ళది ముప్ఫై ఎనిమిది, మనది ఇరవై ఒకటి. విరామంలో జట్టు గదిలోకి వెళ్ళింది. పొద్దున కెమిస్ట్రీ పాఠాలు, సాయంత్రం బాస్కెట్‌బాల్ చెప్పే ఉన్రూ సార్ సుద్దముక్కతో నల్లబల్ల మీద ఏదో గీసి చెరిపేశాడు.

"సార్, ఇన్నేళ్ళూ మనం రింగును చూసి వేశామనుకున్నాం. కాదు, గోడను చూసి వేశాం" అన్నాడు ఎల్డన్.

"అయితే ఇప్పుడు గోడ ఎక్కణ్ణుంచి తేనురా?"

"మనవాళ్ళు నూట అరవై మంది ఉన్నారు. అందరివీ నల్లకోట్లే. రెండో సగంలో మనం వేసే వైపు సీట్లన్నీ ఖాళీ."

సార్ కళ్ళు మెరిశాయి. "కానీ మీ నాన్న లేస్తే తప్ప వాళ్ళు లేవరు. వెళ్ళి అడుగు."

"నేనా? ఈ నిక్కరుతోనా?"

"ప్యాంటు తొడుక్కునే టైం లేదు. పో!"

నూట అరవై మంది పెద్దల ముందు బోసి మోకాళ్ళతో నిలబడ్డాడు ఎల్డన్. సిగ్గుతో చచ్చిపోయాడనుకోండి. ఆంద్రియాస్ ఆ మోకాళ్ళనే చూస్తున్నాడు.

"ముందు అవి కప్పుకో."

"నాన్నా, టైం లేదు. మీరంతా వచ్చి ఆ బాస్కెట్ వెనక కూర్చోవాలి."

"కూర్చుని? అరవాలా?"

"వద్దు."

"చేతులు ఊపాలా? లేచి గంతులు వేయాలా?"

"అసలు కదలకూడదు నాన్నా. నేను చెప్పేదాకా అందరూ గోడలా కూర్చోవాలి. అంతే."

"కదలకుండా కూర్చోవడమా? మా ప్రసంగాలు రెండేసి గంటలురా. అది మాకొచ్చినట్టు ఎవరికొస్తుంది?" అని లేచాడు ఆంద్రియాస్. ఆయన వెనక ఊరంతా లేచింది.

నల్లకోట్లు బారులు తీరి బాస్కెట్ వెనక కూర్చుంటుంటే హాలంతా ముక్కున వేలేసుకుంది. "ఎవరు పోయారేంటి?" అని కేకేశాడొకడు పైనుంచి. అంతటా నవ్వులు. నల్లకోట్లలో ఒక్కటీ కదల్లేదు.

ఇక చూడాలి ఆ ఆట! ఎల్డన్ తలెత్తాడు. గాజు వెనక నల్లగా, నిశ్చలంగా మనవాళ్ళు. రింగు చేతికి అందేంత దగ్గరగా కనిపించింది. ఒకటి వేశాడు, పడింది. రెండోది, మూడోది కూడా పడ్డాయి. పదిహేడు తేడా పదయింది, ఆరయింది, రెండయింది. పొడుగాటివాడి నోరు మూతపడింది. సెయింట్ ఓడో వాళ్ళూ తక్కువ తినలేదు, గుంజుకుంటూ వచ్చారు. ఇంక ఆరు సెకన్లుందనగా వాళ్ళది అరవై ఆరు, మనది అరవై అయిదు. బంతి ఎల్డన్ చేతికొచ్చింది. ఇద్దరు మీద పడ్డారు. వాడు ఒక్క అడుగు వెనక్కి వేసి, రెండు చేతులతో పైకి విసిరాడు.

వల ఊగింది. గంట మోగింది. అరవై ఏడు!

జట్టంతా వాడి మీద పడింది. ఉన్రూ సార్ కోటు విప్పి గాల్లోకి విసిరాడు. ఎల్డన్ ఊపిరాడక ఆ గుంపులోంచి బయటికొచ్చి చూస్తే, నల్లకోట్లు కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి. ముందు వరసలో ఆంద్రియాస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు ధారలు కడుతుంటే తుడుచుకోకుండా కూర్చున్నాడు.

"ఒరేయ్ ఎల్డన్, ఇప్పుడు కదలొచ్చా?"

"కదలండి నాన్నా! అయిపోయింది, గెలిచాం!"

ఆ మాటతో నూట అరవై మందీ ఒక్కసారిగా లేచారు. అమ్మో, ఆ అరుపులు! రెండో సగమంతా బిగబట్టిన గొంతులవి. లీనా అత్త టోపీ ఎటో ఎగిరిపోయింది. అందరికన్నా గట్టిగా అరిచింది సంఘ పెద్దే. కిందికి దిగొచ్చి, చెమటతో తడిసిన కొడుకును నల్లకోటులోకి లాక్కుని, చెవిలో అన్నాడు:

"కాన్సస్ సిటీ వాళ్ళకు ఇప్పుడే కబురు పెట్టించు. బాస్కెట్ వెనక సీట్లు మావి."