ఆది జాకెట్టు

ఆదివారం పొద్దున బోరబండలో రైలు పట్టాల పక్క సందులోకి వెళితే ముందు వినిపించేది నీలమ్మ కుట్టుమిషను. ముందుగది నిండా జాకెట్లు, ఫాల్ కుట్టాల్సిన చీరలు, దారపు ఉండలు. గోడకు ఒక మేకు, ఆ మేకుకు పసుపురంగు టేపు. అరవై అంగుళాల మామూలు టేపే. కాకపోతే మనసులో ఏదైనా అణిచిపెట్టుకుని దాని ముందు నిలబడితే రెండు కొసలూ కలవవు. ఎంత అణిచిపెట్టుకుంటే అంత తక్కువ పడుతుంది.

సందులో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. నల్లా రోజు మార్చి రోజు వస్తుంది, నీలమ్మ టేపు ఒక్కోసారి అందదు, అంతే. శారదమ్మ తన ఆడబిడ్డ మీద ఎనిమిదేళ్ళుగా దాచుకున్న కోపం కక్కేదాకా ఆమె నడుము కొలత రాలేదు. నీలమ్మకు ఇదంతా తలనొప్పి. పండగ ముందు నలభై జాకెట్లు కుట్టాల్సిన మనిషికి ఒక్కొక్కరి మనసూ ఖాళీ అయ్యేదాకా టేపు పట్టుకుని నిలబడే తీరిక ఎక్కడిది? అందుకే అందరినీ ఆది జాకెట్టు తెమ్మంటుంది. ఒంటికి సరిగ్గా సరిపోయే పాతది ఒకటి ఇచ్చిపోతే, దాన్ని చూసి కొత్తది కుట్టేస్తుంది. వచ్చేవాళ్ళకూ అదే హాయి.

జయమ్మ కూతురు ప్రియదర్శిని ఆ టేపు ముందు నిలబడి ఆరేళ్ళయింది. ఆది జాకెట్టూ ఇవ్వలేదు, అసలు కుట్టించుకోనేలేదు. రెడీమేడ్ పంజాబీ డ్రెస్సు, పైన వెడల్పాటి చున్నీ, పిన్నీసుతో రెండు వైపులా గట్టిగా. పదిహేడేళ్ళప్పుడు కాలేజీలో వెనక బెంచీలవాళ్ళు ఆమెకు ‘పలక’ అని పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ పేరు ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పని మాట ఆరేళ్ళుగా ఆమెతోపాటే చున్నీ కింద పెరిగింది.

మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య గుండ్రటి కొత్త భవనం లేచిన మరుసటి ఏడు అది. పొద్దున్నే ఏడు సీట్ల ఆటోలో పదిమందితో ఇరుక్కుని ప్రియదర్శిని ఆ దారినే ఉద్యోగానికి వెళ్ళేది. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి పంపిన మాటలు విని టైపు చేయడం ఆమె పని. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలికింద పెడల్. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, కాలు తీస్తే నోరు మూసుకుంటాడు. ఇలాంటి పెడల్ ఇంట్లో కూడా ఒకటి ఉంటే ఎంత బాగుండునని అక్కడి ఆడపిల్లలు నవ్వుకునేవాళ్ళు.

ఆమె వంతుకు వచ్చిన డాక్టర్లలో ఒకాయన చేసేది రొమ్ములు పెద్దవి చేసే ఆపరేషన్లే. కింది మడతలో కోత, కండరం వెనక జాగా, లోపల సంచీ, సంచీ నిండా ఉప్పునీళ్ళు. అద్దంలో చూసుకుని ఆనందంతో ఏడ్చినవాళ్ళ గురించి చెప్పేవాడు. చుట్టూ గట్టిపడి నొప్పెడితే తీసేయాల్సి వచ్చినవాళ్ళ గురించీ అదే గొంతుతో చెప్పేవాడు. ప్రియదర్శిని రెండు రకాలవీ తప్పుల్లేకుండా టైపు చేసింది. బంజారాహిల్స్‌లో ఇదే ఆపరేషన్ చేసే డాక్టరు నంబరు ఒకటి సంపాదించి, చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుంది. రెండుసార్లు ఫోన్ బూత్ దాకా వెళ్ళి, క్యూ చూసి తిరిగొచ్చింది. ఒకసారి క్యూ లేకపోయినా తిరిగొచ్చింది. ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తకముందు, ఎనిమిది నెలల కిందటే ఆ చీటీ ఆమె పర్సులో ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

లోహిత్‌తో పరిచయం క్యాంటీన్‌లో. పై అంతస్తులో ప్రోగ్రామరు, భీమవరం వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ కుటుంబం. కబుర్లు బాగా చెప్తాడు. నీలమ్మ టేపు గురించి చెబితే కూడా, అలాంటి టేపుతో కుట్టించుకోవడం కష్టమే అని తలూపి టీ తాగాడు. రెండిళ్ళవాళ్ళూ కాస్త గునిసి ఒప్పుకున్నారు. మే నెలలో ముహూర్తం పెట్టారు.

పెళ్ళికూతురి చీరలన్నిటికీ జాకెట్లు కుట్టించి మరీ పెట్టడం లోహిత్ వాళ్ళింటి ఆనవాయితీ. వాళ్ళమ్మ కనకలక్ష్మి జయమ్మను వదినగారూ అని పిలిచి, అమ్మాయి ఆది జాకెట్టు ఒకటి పంపమంది. జయమ్మ పెట్టె అడుగున ప్రియదర్శిని ఆరేళ్ళ కిందటి జాకెట్టు ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని చూసి, ఇది పంపితే పెళ్ళివారు ఏమనుకుంటారో అని జంకింది. జంకి, తన అక్క కూతురు నాగేశ్వరి జాకెట్టు ఒకటి అడిగి తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి పంపింది. నాగేశ్వరి ఇద్దరు పిల్లల తల్లి, చిన్నవాడు ఇంకా పాలు తాగుతున్నాడు. పెళ్ళయ్యాక తన పిల్లకూ ఒళ్ళొస్తుందిలే అనుకుంది జయమ్మ.

పదకొండు జాకెట్లు వచ్చాయి. కనకలక్ష్మి ముచ్చటపడి ఒకటి తొడుక్కుని చూపించమంది. ఎర్ర పట్టు జాకెట్టు ప్రియదర్శిని ఒంటి మీద ఎవరో విడిచిన బట్టలా వేలాడింది, ముందువైపు రెండు పిడికిళ్ళు పట్టేంత ఖాళీ. జయమ్మ నేల చూసింది. కనకలక్ష్మి ఒక్క క్షణం ఆగి, టైలరు పొరబడినట్టున్నాడు, సరిచేయిద్దాం లెండి అని టీ అడిగి తాగింది. బయట స్కూటరు మీద కూర్చున్న లోహిత్ కిటికీలోంచి చూశాడు.

గురువారం క్యాంటీన్‌లో అతను ముఖం వేలాడదీసుకుని కూర్చున్నాడు.

“అమ్మ బాగా ఫీలవుతోంది ప్రియా. పెళ్ళిలో చుట్టాలందరూ చూస్తారు కదా. నాకైతే నువ్వెలా ఉన్నా ఇష్టమే. అమ్మ కోసం చెప్తున్నా” అన్నాడు. తర్వాత, వచ్చే శుక్రవారానికి ఒక డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నానని చెప్పి పేరు చెప్పాడు. ఆమె పర్సులో చీటీ మీద ఉన్న పేరే అది.

దాచుకున్న మిఠాయిని ఎవరో నమిలి తిరిగి చేతిలో పెట్టినట్టయింది ఆమెకు. కోపం వచ్చింది. ఆ కోపం అడుగున, ఇన్నాళ్ళకు ఫోన్ చేసే పని తప్పిందన్న చిన్న సంబరమూ ఉంది, దాన్ని చూసి ఇంకా కోపం వచ్చింది.

“ఆరు వారాలు చేతులు పైకెత్తకూడదు. పెళ్ళి ఐదు వారాల్లో ఉంది. తలంబ్రాలు డాక్టరొచ్చి పోస్తాడా?” అంది.

ఒక్క పూటే కదా, మేనేజ్ చేద్దాం అన్నాడు లోహిత్.

ఆదివారం కనకలక్ష్మి పదకొండు జాకెట్లూ సంచీలో పెట్టుకుని కొడుకు స్కూటరు మీద బోరబండ వచ్చింది. ఆమె టైలరు ఊరెళ్ళాడు. మా నీలమ్మ బాగా చేస్తదని జయమ్మే అంది. నలుగురూ కలిసి నీలమ్మ ఇంటికి వెళ్ళారు. టేపు సంగతి తెలిసినవాడు కాబట్టి లోహిత్ గడప దగ్గరే ఆగిపోయాడు.

నీలమ్మ అలవాటుగా ఆది జాకెట్టు అడిగింది. ఇక దాగేది కాదని జయమ్మే నోరు విప్పి, పంపింది నాగేశ్వరిదని ఒప్పుకుంది. చెప్పేటప్పుడు ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“నాకు అప్పుడే తెలిసింది లెండి వదినగారూ. నా పెళ్ళికి మా అమ్మ కూడా మా పిన్ని జాకెట్టే పంపింది” అంది కనకలక్ష్మి, సంచీలోంచి జాకెట్లు తీసి మడతలు సర్దుతూ.

ప్రియదర్శిని ఆమె ముఖంలోకి చూసింది. అందులో లోహిత్ చెప్పిన బాధేమీ కనబడలేదు. అప్పటికే నీలమ్మ ప్రియదర్శిని చున్నీ పిన్నీసులు తీసి, టేపు ఛాతీ చుట్టూ తిప్పింది. అరవై అంగుళాల టేపు ఆ సన్నటి పిల్ల చుట్టూ అందలేదు. జానెడు తక్కువ పడింది.

“ఏంది బిడ్డా గిది. లోపల ఏం పెట్టుకున్నవో జర చెప్పు. నాకింక వేరేటోళ్ళయి పన్నెండు జాకెట్లున్నయి” అంది నీలమ్మ.

“నాకు ఆపరేషన్ వద్దు” అంది ప్రియదర్శిని.

టేపు కొసలు ఇంకో రెండు వేళ్ళు దూరం జరిగాయి. ఏం ఆపరేషన్ అని జయమ్మ అడిగింది. ఒంట్లో బాగాలేదా అమ్మా అని కనకలక్ష్మి కంగారుగా లేచింది. ఆ కంగారు నిజమైనది. ఈమెకు ఏమీ తెలియదని ప్రియదర్శినికి అప్పుడు అర్థమైంది. అర్థమైనా గడప వైపు చూడలేదు, ముందు తన లెక్క తేలాలి. ఏం ఆపరేషనో, ఏ శుక్రవారమో, తాను టైపు చేసే అమెరికా డాక్టరు చెప్పినట్టే రెండు వాక్యాల్లో చెప్పింది. జయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“అయితే కావాలా మరి?” అంది నీలమ్మ, టేపు వదలకుండా.

“కావాలి” అంది. టేపు అందలేదు. వద్దన్నా అందలేదు, కావాలన్నా అందలేదు. నీలమ్మ నిట్టూర్చి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంది.

ప్రియదర్శిని కళ్ళు మూసుకుంది. ఆమె గొంతు మొదట చిన్నగానే వచ్చింది.

“కాలేజీల నన్ను పలక అన్నరు అమ్మా. నేను నీకు చెప్పలే. నువ్వు నాగేశ్వరక్క జాకెట్టు పంపినవ్, అంటె నువ్వు కూడా అన్నట్టే. అద్దంల చూసుకుంటె నాకు వాళ్ళ నవ్వే వినిపిస్తది. ఆపరేషన్ కావాల్నో వద్దో నాకింక తెల్వదు. తెల్వదని చెప్పే హక్కు నాకున్నది. నా ఒళ్ళు ముహూర్తానికి తయారయ్యే పిండివంట కాదు. ఏండ్లు పట్టినా నేనే ఆలోచించుకుంట, చేయించుకున్నా మానుకున్నా నేనే. అప్పటిదాంక నన్ను ఎవ్వరూ అడగొద్దు.”

టేపు కొసలు కలిశాయి. ముప్ఫై. నీలమ్మ నోటుబుక్కులో ముప్ఫై అని రాసుకుంది. జయమ్మ కూతురి దగ్గరికి రాబోయి ఆగి, కింద పడ్డ పిన్నీసులు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ ఏడ్చింది.

“అమ్మా, నేను నీకోసమే...” అన్నాడు లోహిత్ గడప దగ్గర నుంచి. నా కోసమా అని కనకలక్ష్మి వెనక్కి తిరిగింది. ప్రియదర్శిని టేపు అందుకుని వెళ్ళి అతని చేతిలో పెట్టింది. చుట్టుకోమంది. అతను ఇల్లంతా చూశాడు. సందులో శారదమ్మ బిందె పెట్టుకుని నిలబడింది, వెనక్కి పోయే దారి కూడా లేదు. చుట్టుకున్నాడు.

నువ్వెలా ఉన్నా నాకిష్టమే అన్నాడు. మూరెడు తక్కువ. అమ్మ బాధపడుతుందని అన్నాడు. కొసలు ఇంకా వెనక్కి పోయి అతని చంకల కిందికి చేరాయి. లోహిత్ టేపు వదలకుండా ప్రియదర్శిని వైపు తిరిగాడు. మంచివాడు కాదని నేననను, ఆ తర్వాత చెప్పినదానికి ధైర్యం కావాలి.

“అమ్మకేం తెలీదు. నాకే కావాలి. ఆఫీసులో మావాళ్ళు నీ గురించి ఒక మాట అన్నారు. నేనూ నవ్వాను. నువ్వు మారితే ఆ మాట ఆగిపోతుందనుకున్నా.”

టేపు అందింది. నీలమ్మ చెయ్యి తనంతట తానే పుస్తకంలో ముప్ఫై ఎనిమిది అని రాసింది.

“నా పేరెందుకు వాడావురా?” అంది కనకలక్ష్మి. అతను అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేస్తానని ప్రియదర్శినితో అన్నాడు.

“చెయ్. నాకు కావాలంటే ఆ నంబర్ నా దగ్గరుంది. నీకంటే ముందు నుంచీ ఉంది” అంది ఆమె. “పెళ్ళి కూడా వద్దు లోహిత్. ఆరేళ్ళ కింద నవ్వినవాళ్ళ ముఖాలు నేను మర్చిపోవచ్చు. రోజూ పక్కనుండే ముఖం ఎట్లా మర్చిపోను?”

ఆమెకు అప్పటికీ అతనంటే ఇష్టమే. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. లోహిత్ టేపు తీసి మేకుకు తగిలించబోయాడు, మేకు అందలేదు, మిషను మీద పెట్టి బయటికి నడిచాడు. కనకలక్ష్మి జాకెట్ల సంచీని నీలమ్మ వైపు జరిపింది. అమ్మాయి పేరున కుట్టించినవి వెనక్కి తీసుకెళ్ళనని, ముప్ఫైకి సరిచేయమని చెప్పింది. గడప దాటుతూ జయమ్మ చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, సందులోకి దిగింది.

నీలమ్మ ఆ సాయంత్రమే మొదటిది విప్పి కుట్టింది. సోమవారం ప్రియదర్శిని ఎర్ర పట్టు జాకెట్టు మీద అమ్మ నేతచీర కట్టుకుని ఏడు సీట్ల ఆటో ఎక్కింది. జాకెట్టు ఎక్కడా వదులు లేకుండా, ఎక్కడా బిగుతు లేకుండా పట్టింది. క్యాంటీన్‌లో మూల టేబులు దగ్గర కూర్చున్న ముగ్గురిలో ఎవరో ఏదో అన్నారు, ఎవరో నవ్వారు. ఆమె టీ గ్లాసుతో ఆ టేబులు దాకా నడిచి వెళ్ళి, ఇందాక అన్నది మళ్ళీ చెప్పండి, సరిగ్గా వినపడలేదు అంది. ముగ్గురూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. వాళ్ళు తలెత్తేదాకా నిలబడి, టీ అక్కడే తాగి, వచ్చి పెడల్ మీద కాలు పెట్టింది.

తర్వాత ఆ పిల్ల ఆపరేషన్ చేయించుకుందా, మానేసిందా అని బస్తీలో ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. ఆమెను అడిగే ధైర్యం లేక నీలమ్మను అడుగుతారు, కొలతలన్నీ ఆమె పుస్తకంలోనే ఉంటాయి కదా అని. నీలమ్మ మిషను ఆపి, మేకు మీది టేపు తీసి అడిగినవాళ్ళ చేతికిస్తుంది.

“ముందు నువ్వు చుట్టుకో. అది తెలిసి నీకేం పనో చెప్పు. అందితె నేను చెప్త” అంటుంది.

ఇప్పటిదాకా ఎవరికీ అందలేదు.