ఒట్టిగా తినాల్సిన ముక్క

నా నోరు మంచిది కాదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. నా నాలుక మంచిదని కూడా తెలుసు. ఈ రెండూ ఒకే మనిషికి ఇచ్చి దేవుడు పొరపాటు చేశాడని మా తమ్ముడు హాలిస్ అంటూ ఉండేవాడు. వాడు నవ్వుతూ అన్నా నేను మాత్రం మూతి ముడుచుకునేదాన్ని.

మా నాన్న ఆన్సెల్ గాడిస్ టెక్సస్‌లోని మా చిన్న ఊళ్ళో, రైలు పట్టాల పక్కన, ముప్ఫై ఒక్కేళ్ళు బార్బెక్యూ హోటలు నడిపాడు. గురు, శుక్ర, శనివారాలు తెరిచేవాడు. మాంసం అయిపోయిందంటే తలుపు మూసేసేవాడు, బయట ఎంతమంది నిలబడి ఉన్నా సరే. వెనక పెరట్లో ఇటుకలతో కట్టిన పొడుగాటి పొయ్యి, ఓక్ కట్టెలు, ఉప్పు, మిరియాలు, ఇవే ఆయన సరంజామా. ఎద్దు రొమ్ముభాగం మాంసం, మేం బ్రిస్కెట్ అంటాం, దాన్ని పద్నాలుగు గంటలు ఆ పొగలో ఉంచి తీస్తే వేలితో నొక్కితే వణికేది.

ఆయన హోటల్లో ఒక నియమం ఉండేది. మొదటి ముక్క ఒట్టిగా తినాలి. రొట్టె వద్దు, ఉల్లిపాయ వద్దు, ఊరేసిన దోసకాయ వద్దు. సాస్ అనేది అసలు మా గడప లోపలికే రాలేదు. ఎవరైనా అడిగితే "ముందు తిను, తర్వాత అడుగు" అనేవాడు నాన్న. తిన్నాక ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఒకసారి మా పోలీసు పెద్ద, షెరీఫు, జేబులోంచి సొంత సాస్ సీసా తీశాడు. నాన్న ఏమీ మాట్లాడకుండా ఆయన ముందున్న పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నల్లవాడు తెల్ల షెరీఫు ముందు నుంచి పళ్ళెం లాక్కోవడం ఆ రోజుల్లో ఆషామాషీ సంగతి కాదు. మా అమ్మ వారం రోజులు తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకుంది.

తొమ్మిదేళ్ళ వయసు నుంచీ తలుపు తెరవకముందు మొదటి ముక్క నాకే పెట్టేవాడు. నేను నమిలి, "మిరియం ఎక్కువైంది నాన్నా" అనో, "ఇంకో గంట ఉండాల్సింది" అనో చెప్పేదాన్ని. ఆయన తలూపి వెళ్ళేవాడు, మరుసటివారం సరిచేసేవాడు. హాలిస్ ఆయన వెంట పొయ్యి దగ్గర ఉండేవాడు. నాన్న కాగితం మీద ఏదీ రాయలేదు. వాడి చేతిలో కొంత పెట్టాడు, నా నాలుక మీద కొంత పెట్టాడు, వెళ్ళిపోయాడు.

తర్వాత హోటలు హాలిస్ చూసుకున్నాడు. నేను స్కూలు బస్సు నడిపేదాన్ని. శనివారం పొద్దున్నే వెళ్ళి మొదటి ముక్క తిని తీర్పు చెప్పి వచ్చేదాన్ని. ఇరవై ఏళ్ళు అలా సాగింది. ఆరేళ్ళ కిందట ఒక శనివారం, చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన సంఘం నుంచి ఆలస్యమై, జనం ఉన్నప్పుడు వెళ్ళాను. పెరటి పొయ్యి చల్లగా ఉంది. వంటగదిలో అద్దంలా మెరిసే పెద్ద ఇనప పెట్టె ఉంది. బల్లల మీద సాస్ సీసాలు ఉన్నాయి.

"ఒరేయ్ హాలిస్, ఇదేంట్రా?" అన్నాను.

"గ్యాసు పొయ్యి అక్కా."

"అది నాకూ కనిపిస్తోంది. మన హోటల్లో ఎందుకుంది అని అడుగుతున్నా."

"వేడి ఎంత కావాలో పెడితే చాలు, అదే చూసుకుంటుంది. రాత్రంతా కట్టెల దగ్గర నిలబడే ఓపిక లేదక్కా ఇప్పుడు."

"నాన్నకి డెబ్బై రెండేళ్ళు వచ్చేదాకా ఉంది ఓపిక. నీకు యాభై ఎనిమిదికే నిండుకుందా? అయితే బోర్డు మీద ఆయన పేరు చెరిపేయ్. గ్యాసు కంపెనీ పేరు రాయించుకో, వాళ్ళన్నా సంతోషిస్తారు."

వరసలో నిలబడ్డవాళ్ళు గొల్లుమని నవ్వారు. నాకు ఇంకా ఉషారొచ్చింది. ఇంకో నాలుగు మాటలన్నాను, అవి ఇప్పుడు రాయలేను. హాలిస్ కత్తి తుడుచుకుంటూ నిలబడ్డాడు తప్ప ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడం కూడా నాకు తప్పుగానే కనిపించింది. ఆ రోజు బయటికొచ్చి ఆరేళ్ళు ఆ గడప తొక్కలేదు. చర్చిలో వాడు ఎడమవైపు కూర్చుంటే నేను కుడివైపు కూర్చునేదాన్ని.

మొన్న అక్టోబరులో ఫోను చేశాడు.

"అక్కా, శనివారం వస్తావా?"

"దేనికి?"

"భోజనానికి."

"నీ గ్యాసు మాంసం తినడానికా?"

అవతల కాసేపు దగ్గు వినిపించింది. "పదకొండింటికి రా అక్కా. ఈ ఒక్కసారికి రా" అన్నాడు.

బతిమాలుతున్నాడు అనుకున్నాను. ఆరేళ్ళకి దిగొచ్చాడు అనుకున్నాను. చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని మరీ వెళ్ళాను.

హోటలు నిండుగా ఉంది. పొగ వాసన వచ్చింది కానీ ఆ గోడలకి ఎప్పుడూ ఉండే వాసనే కదా అనుకున్నాను. నా ముక్కు నాకు చెప్పింది, నేనే వినలేదు. కిటికీ దగ్గర బల్ల ఖాళీగా ఉంచారు. హాలిస్ కూతురు జోనెల్ స్వయంగా పళ్ళెం తెచ్చింది. గోధుమరంగు కాగితం మీద కొవ్వున్న వైపు నుంచి కోసిన నాలుగు ముక్కలు, తెల్ల రొట్టె, ఉల్లిపాయ, ఊరేసిన దోసకాయలు, పెద్ద గ్లాసులో తీపి ఐస్ టీ.

"ముందు ఒట్టిగా తిను అత్తా" అంది జోనెల్.

నాకు ఒళ్ళు మండింది. మా నాన్న నియమం, ఆయన పోయాక పుట్టిన పిల్ల నాకు నేర్పుతోంది. అదీ ఈ గ్యాసు కొంపలో. బల్ల మీద సాస్ సీసా అందుకున్నాను.

"గ్యాసు మాంసానికి ఈ మర్యాదలన్నీ ఎందుకే" అని, సీసా తలకిందులు చేసి నాలుగు ముక్కలూ మునిగేదాకా పోశాను.

పక్క బల్ల వాళ్ళు నమలడం ఆపేశారు. జోనెల్ చెయ్యి ముందుకొచ్చి, మధ్యలో ఆగిపోయింది. వంటగది కిటికీలోంచి హాలిస్ మొహం కనిపిస్తోందని నాకు తెలుసు. వాడు చూడాలనే పోశాను. మాంసం మీద నల్లటి పెచ్చు ఎలా ఉందో, దాని కింద పొగ పట్టిన గులాబీరంగు గీత ఎంత లోతుకి దిగిందో చూడలేదు. రెండు ముక్కలు తిన్నాను. పంచదార, వెనిగరు, టొమాటో, ఇవే తెలిశాయి.

హాలిస్ బయటికొచ్చాడు. మనిషి బాగా తగ్గాడు, చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. నా ఎదురుగా కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉందక్కా?"

"సాస్ బాగుంది" అన్నాను.

వాడు నా పళ్ళెం వైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు. "సాస్ జోనెల్ చేస్తుంది. దానికి చెబుతాలే" అన్నాడు, వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

దాచడమెందుకు, ఆ పూట నాకు చాలా హాయిగా ఉంది. కారు నడుపుకుంటూ నేనన్న ఆ మాట ఇంకో రెండుసార్లు పైకే అనుకున్నాను. నా స్నేహితురాళ్ళకి ఫోను చేసి మరీ చెప్పాను.

తొమ్మిది రోజుల తర్వాత జోనెల్ మా ఇంటికొచ్చింది. నేను వరండాలో అలసందలు ఒలుస్తున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాన్నకి ఒంట్లో బాలేదత్తా. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఇక నిప్పు దగ్గరికి కూడా వెళ్ళకూడదన్నారు."

"వాడు గ్యాసు దగ్గర కదే ఉండేది, నిప్పెక్కడిది?"

"నీకు నిజంగా తెలియలేదా?" అంది.

"ఏం తెలియాలి?"

"ఆ శనివారం నువ్వు తిన్నది పెరటి పొయ్యి మీద చేసింది. ఓక్ కట్టెలు తెప్పించాడు. డాక్టరు వద్దన్నా, నేను కాళ్ళు పట్టుకున్నా వినలేదు. గుడ్డ ముక్కుకి కట్టుకుని నీ ఒక్కదానికోసం చేశాడు. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, ఆ నాలుగు ముక్కలు ఇంకెవరికీ పెట్టనివ్వలేదు."

"మరి ముందే చెప్పొచ్చుగా నాకు" అన్నాను.

"చెబితే జాలిపడి బాగుందంటావన్నాడు. నాన్నకి వాసన, రుచి పోయి ఏడేళ్ళయిందత్తా. ఉప్పు పడిందో లేదో కూడా తెలియదు. పొగ దగ్గర పుట్టి పెరిగినవాడికి ముక్కు పనిచెయ్యట్లేదని నీకు చెప్పుకోలేక, వేడి అదే చూసుకుంటుందని గ్యాసు పెట్టాడు. నాకు ఆ పొయ్యి అప్పగించాలని ఆయన ఆశ. తాత చేసినట్టే వస్తోందో లేదో చెప్పగలిగేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. తాత చేతివంట తిన్నవాళ్ళు ఇంకా ఉన్నారుగానీ, నువ్వు చెబితేనే నమ్ముతానన్నాడు."

అలసందల గిన్నె కింద పెట్టాను.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. దారి పొడుగునా ఒకే మాట వల్లె వేసుకున్నాను. ఒరేయ్, నేను ఒట్టిగా తినలేదురా, కసికొద్దీ పాడుచేశాను, క్షమించు. అంతే, ఇంకేం కలపకూడదు. అలా అనుకుంటూనే వెళ్ళాను.

హాలిస్ వెనక్కి వాలే కుర్చీలో ఉన్నాడు. పక్కన యంత్రం బుస్సుమంటోంది. నన్ను చూసి లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాను. ఎముక చేతికి తగిలింది. జోనెల్ లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది, తను గోడకానుకుని నిలబడింది.

"ఇది చెప్పేసిందా నీకు?" అన్నాడు హాలిస్ కూతురి వైపు చూపిస్తూ.

"చెప్పింది. హాలిస్, నేను..."

"నువ్వాగు, నాకు ఊపిరి తక్కువ, ముందు నన్ను అననీ." వాడు నవ్వాడు. "సాస్ పోశావు చూడు. ఊరంతా చూసేలా. చచ్చాను అనుకున్నా ఆ నిమిషం. తర్వాత రాత్రి పడుకున్నాక ఆలోచించా. అక్క ఎంత కోపంలో ఉన్నా మొదటి ముక్క ఒట్టిగా తినకుండా ఉండదు. అంచు తుంచి నోట్లో వేసుకునే ఉంటుంది, నేను చూసుండను. నాన్న మాట నువ్వు తప్పుతావా ఎక్కడన్నా."

నేను కుర్చీ వాడి దగ్గరికి జరుపుకున్నాను.

"అందుకని నిజం చెప్పక్కా. జాలి వద్దు. నాన్న చేసినట్టు ఉందా?"

ఇందాకటి దాకా వల్లె వేసుకున్న మాట నాలుక చివరే ఉంది. వాడి కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి నేనేమంటానా అని చూసే చూపే అది. లేదు, ఒట్టిగా తినలేదు అంటే మళ్ళీ చేసి పెట్టే శక్తి వాడికి లేదు. మళ్ళీ తినే అవకాశం నాకు లేదు. ఆ మాట చెప్పి నేను తేలికపడతాను, వాడికి మిగిలేదేమిటి?

"అచ్చం నాన్న చేసినట్టే ఉందిరా" అన్నాను.

హాలిస్ కళ్ళు మూసుకున్నాడు. మొహం మీద ముడతలన్నీ సర్దుకున్నాయి. నేను వాణ్ణి అంత సంతోషంగా ఎప్పుడు చూశానో గుర్తు లేదు. ఇంతటితో అయిపోతుందనుకున్నాను. కానీ వాడు కళ్ళు తెరిచి, "జోనెల్, కాగితం, పెన్ను తే" అన్నాడు.

జోనెల్ తెచ్చింది, వాడి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"పొగలో ఉండగా మధ్యలో నాన్న మాంసానికి కాగితం చుట్టేవాడా లేదా అన్నది నాకు సరిగ్గా గుర్తులేదక్కా. మొన్న చుట్టలేదు. పెచ్చు గట్టిపడిందా?"

"లేదు. సరిగ్గా ఉంది."

"కాగితం చుట్టక్కర్లేదు, రాసుకో. ఉప్పు? చేతి అంచనాతో వేశా, రుచి చూసే దారి లేదుగా."

"సరిపోయింది."

"రెండు పిడికిళ్ళు, నా పిడికిలితో. రాశావా? మరి మిరియం? నువ్వెప్పుడూ మిరియం దగ్గరే పట్టుకునేదానివి."

"మిరియం కూడా సరిపోయింది."

"అక్క మిరియానికి ఒప్పుకుందంటే ఇక తిరుగులేదు" అని వాడు దగ్గుతూ నవ్వాడు. "ఇక నువ్వు భయపడకుండా చేసుకో జోనెల్. నీ పిల్లలకి కూడా ఇదే చెప్పు. ఇందులో ఒక్కటి మార్చకు. ఇది మీ అత్త తిని చెప్పిన లెక్క."

ఆ పిల్ల రాయడం ఆపి తలెత్తి నా వైపు చూసింది. ఆ రోజు బల్ల పక్కనే నిలబడింది తను. నేను అంచు తుంచనూ లేదు, ఒట్టిగా తిననూ లేదు, అంతా దగ్గరనుంచి చూసింది. నేను ఆ చూపు తట్టుకోలేక నా చేతుల వైపు చూసుకున్నాను. ఏదో ఒకటి అంటుందని కాచుకున్నాను, అనమనే కోరుకున్నాను కూడా.

"మిరియం ఎన్ని పిడికిళ్ళు నాన్నా?" అని అడిగి, జోనెల్ తల వంచుకుని రాసుకుంది.