తన్నిన కోను తన్నినవాళ్ల వెంటే

ఆదివారం తెల్లవారగానే పళ్లాయన చేసే మొదటి పని మోకాళ్లకి తొడుగులు కట్టుకోవడం. రెండో పని, అవి తలకిందులుగా కట్టుకున్నానని తెలుసుకోవడం. మిగతా ఆరు రోజులూ ఆయన మెట్ల కింది గదిలో కూర్చుని డాక్టర్లకి కట్టుడు పళ్ల సెట్లు చేసిపెడతాడు. ఏడో రోజు మాత్రం బోర్డెక్కుతాడు.

బోర్డంటే స్కేట్‌బోర్డు. వాటర్ ట్యాంకు పక్కనుంచి కిందికి దిగే రోడ్డు మంచి వాలు. దాని మీద జానెడు జానెడు కోన్లు వరసగా నిలబెట్టి, వాటి మధ్యనుంచి పాములా మెలికలు తిరుగుతూ ఎవరు త్వరగా దిగితే వాళ్లది గెలుపు. కోను పడిందా, టైము పెరిగిందన్నమాటే. ఈ ఆటని స్లాలమ్ అంటారు. ఊళ్లో ఆ పేరుకి నోరు తిరిగినవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురే క్లబ్బు: పళ్లాయన, ఆయన బామ్మర్ది, డ్రాయింగు టీచరమ్మ. బామ్మర్ది లిఫ్టులు బాగుచేస్తాడు. వారమంతా నిటారుగా పైకీ కిందికీ తిరిగినవాడికి ఆదివారమైనా కాస్త వంకరగా తిరగాలనిపిస్తుందట. టీచరమ్మ కోన్లు ఎక్కడ పెట్టాలో రోడ్డు మీద సుద్దతో సున్నాలు గీస్తుంది. ఇక పళ్లాయన సంగతంటారా, క్లబ్బు పెట్టిందీ ఆయనే, అందరికంటే ఆఖరున దిగేదీ ఆయనే.

"నా టైము చూడ్డానికి స్టాప్‌వాచీ ఎందుకురా, క్యాలెండరు చాలు" అని బామ్మర్ది అనకముందే తనే అనేసేవాడు. ఎలాగూ ఎవరో ఒకరు అనే మాటే. మనమే అనేసుకుంటే చవగ్గా పోతుంది.

ఆ కోన్లకి ఒక అలవాటు. ఎవరు తన్నితే వాళ్ల వెంట పడతాయి. పడ్డ కోను లేచి, దుమ్ము దులుపుకుని, గెంతుకుంటూ తన్నినవాళ్ల వెనకాలే ఇంటిదాకా పోతుంది. గుమ్మం పక్కన నిలబడుతుంది. పనికెళ్తే పనికొస్తుంది. చక్రాల మీద వచ్చి, తాకకుండా దాన్ని చుట్టి వెళ్తేగానీ వదలదు. వదిలాక తన దారిన తను ట్యాంకు రోడ్డుకి పోయి వరసలో నిలబడుతుంది. తన్నులు తిన్నవాళ్లెవరైనా చేసే పనే అది. బామ్మర్ది వెంట రెండు మూడు కోన్లు ఎప్పుడూ లిఫ్టులో ఎక్కి దిగుతుండేవి. "బాబూ, నీ కోనుని కాస్త అటు జరగమను, మీట అందడం లేదు" అనేవాళ్లు జనం. పళ్లాయన మరీ నెమ్మదిగా దిగుతాడు కాబట్టి ఒక్క కోను కూడా ఆయన గడప చూడలేదు.

ఇలా కాలం గడిచిపోతుండగా మున్సిపాలిటీ ఆఫీసరమ్మ వచ్చి రోడ్డు పక్కన నిలబడింది.

"మీరు ఎంతమందండీ?"

"ముగ్గురమండీ. కానీ ఉత్సాహం చాలా ఉంది."

"ఉత్సాహం తలల లెక్కకి రాదు కదండీ. ఆదివారాలు ఈ రోడ్డు మీద కార్లు పెట్టుకుంటామని షాపింగు సెంటరు వాళ్లు అడుగుతున్నారు. వచ్చే నెల చివరి ఆదివారం మళ్లీ వస్తాను. డజను మంది పోటీలో దిగితే రోడ్డు మీది. లేదంటే కార్లది."

ఆ రాత్రి పళ్లాయనకి నిద్ర పట్టలేదు. వారమంతా ఊరి జనం నోళ్లని పళ్ల అచ్చుల్లో చూసే మనిషాయన. ఆ నోళ్ల చుట్టూ మొహాలు కూడా ఉంటాయని ఆయనకి తెలిసేది ఆ ఒక్క రోడ్డు మీదే.

మర్నాటి నుంచి మనుషుల వేటలో పడ్డాడు. గోడలకి కాగితాలు అంటించాడు. మందుల షాపులోనూ, బ్యాంకులోనూ, సెలూన్లోనూ గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. చివరికి ఆదివారం నలుగురు వచ్చారు: సెలూన్ ఆయన, ఇద్దరు నర్సులు, బ్యాంకు గుమాస్తా. కొత్తవాళ్లు బెదిరిపోకూడదని పళ్లాయన కోన్లని ఎడంగా పెట్టించాడు. ఎంత ఎడమంటే, వాటి మధ్యనుంచి ఏనుగు పిల్లాపాపలతో సహా దిగొచ్చు. నలుగురూ ఒక్క కోను తగలకుండా దిగారు. "భలే ఉందండీ!" అన్నారు. చేతులు ఊపుకుంటూ వెళ్లారు. పై వారం ఒక్కరూ తిరిగి చూడలేదు.

"నా మొహం చూసి పారిపోయారు" అన్నాడు ఆయన ఆ పూట భోజనాల దగ్గర.

"మీ మొహం ఎవరు చూశారండీ, హెల్మెట్టు ముక్కుదాకా దిగి ఉంటేను" అంది భార్య.

ఆయన వదినగారు, అంటే భార్యకి అక్క, పక్కనే తింటోంది. ఆవిడ ఒకప్పుడు సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ బస్సెక్కితే నిద్రపోతున్న పసిపిల్ల కూడా మెలకువ రాకుండా ఇల్లు చేరేదని పేరు. ఏడాది కింద ఒక మధ్యాహ్నం డిపోలో బస్సుని వెనక్కి తీస్తూ గేటు స్తంభాన్ని పడగొట్టింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కాకపోతే అంతకు ముందు నిమిషందాకా ఆ స్తంభానికి ఆనుకుని ఒక మెకానిక్కు నిలబడి ఉన్నాడు. తుమ్మొచ్చి పక్కకి జరిగాడు. ఆ తుమ్ము రాకపోయి ఉంటే అన్న ఆలోచన ఆవిడని పట్టుకుని వదల్లేదు. తాళాలు అప్పగించేసి, డిపోలోనే పోయిన సామాన్ల కిటికీ దగ్గర కూర్చుంది. జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులూ, సంచులూ అక్కడికే వస్తాయి. అక్కడ ఇచ్చిన కుర్చీకి చక్రాలుంటే అవి కూడా ఊడదీయించింది. డిపోకి నడిచే వెళ్తుంది, నడిచే వస్తుంది.

"మరిదిగారూ, ఒక మాట చెప్పనా? తప్పుగా అనుకోరుగా?"

"చెప్పండి వదినా. తప్పుగా అనుకోడానికి నాలో ఇంకా చోటెక్కడుంది?"

"మా కిటికీ దగ్గరికి జనం ఎందుకొస్తారు? తమతో ముడిపడ్డ వస్తువు ఏదో ఒకటి అక్కడ ఉంటేనే కదా. మీరేమో వచ్చినవాళ్లని శుభ్రంగా దులిపి, వట్టి చేతులతో పంపిస్తున్నారు. ఒక్క కోనన్నా వెంట లేకపోతే వాళ్లు మళ్లీ ఎందుకొస్తారండీ?"

పళ్లాయన క్లబ్బు పెట్టి ఇన్నేళ్లయింది, ఈ మాట తన బుర్రకి తట్టలేదు. తట్టడానికి బుర్ర ఉండాలిగా అని తనే సర్దిచెప్పుకున్నాడు.

పై ఆదివారం, ఫొటో తీయడం మర్చిపోయామని అబద్ధమాడి ఆ నలుగుర్నీ మళ్లీ రప్పించాడు. టీచరమ్మ చేత సున్నాలు దగ్గర దగ్గరగా గీయించాడు. సెలూన్ ఆయన మొదటి మెలికలోనే ఒక కోనుని ఎగరగొట్టాడు. నర్సులు ఒకళ్లని చూసి ఒకళ్లు నవ్వుతూ చెరొకటి పడేశారు. గుమాస్తా చాలా పద్ధతిగా దిగి, చిట్టచివరి కోనుని బోర్డు వెనక చక్రంతో దొర్లించాడు. అందరూ మోచేతులు రుద్దుకుంటూ ఇళ్లకి వెళ్లారు, వెనకాల తలో కోను గెంతుకుంటూ పోయింది. పళ్లాయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆనందం సరే, స్టాప్‌వాచీ ఇంట్లో మర్చిపోయాడు. అది పట్టుకుని వదినగారు నడిచి వచ్చింది, ఇంకా బామ్మర్ది దిగడం మిగిలుండగానే.

"మరిదిగారూ, ఇంట్లో తల ఒక్కటీ మర్చిపోకుండా వచ్చారు, సంతోషం" అంటూ రోడ్డు దాటబోయింది. చేతిసంచి ఊగి ఒక కోనుకి తగిలింది. అది పడింది. లేచింది. వచ్చి ఆవిడ పక్కన నిలబడింది.

"నేను తన్నలేదు! సంచి కదా తగిలింది? సంచి వెంట పొమ్మనండి."

"సంచి ఎవరి వెంట పోతుందక్కా?" అన్నాడు బామ్మర్ది.

"నోర్ముయ్యరా! ఇంట్లో చిన్నవాడివని చూస్తున్నా."

కోను మాత్రం ఎటూ చూడలేదు. ఆవిడ కదిలితే కదిలింది, ఆగితే ఆగింది. నడిచి పదిసార్లు దాన్ని చుట్టొచ్చింది వదినగారు. చక్రాలుంటేగానీ దానికి లెక్క కాదు.

ఆ తర్వాత రోజులు చకచకా సాగిపోయాయి. సెలూన్లో వంతు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్లు కోనుని చూసీ చూసీ, "మేమూ ఓ చెయ్యి చూస్తాం" అని ఇద్దరు తయారయ్యారు. నర్సుల కోన్లు ఆసుపత్రి వాకిట్లో నిలబడుతుంటే వాచ్‌మన్‌కి వాటితో స్నేహం కుదిరింది. గుమాస్తా భార్య అయితే, "మా వంటింట్లో తిష్ట వేసేది దీని వంతు, ఊరేగేది మీ వంతా?" అని ఆయన బోర్డే లాక్కుంది. ఆదివారం ఆదివారానికి వచ్చేవాళ్లు పెరిగారు, పడేవాళ్లు పెరిగారు, వాటంతటవే కోన్లు ఇల్లిల్లూ తిరిగాయి.

వదినగారి కోను పోయిన సామాన్ల కిటికీ ముందు నిలబడుతుండేది. దాన్ని గొడుగుల అరలో పెట్టి తాళం వేసింది. సాయంత్రం ఆవిడకంటే ముందే ఇంటి గుమ్మంలో ఉంది. ఒక రోజు ఆవిడ డిపో ఆవరణ దాటుతుంటే వెనకే వస్తున్న కోను మీదకి మలుపులో ఒక బస్సు వచ్చేసింది. వదినగారు ఒక్క ఉరుకున వెళ్లి కోనుని చంకలో పెట్టుకుని, ఆ డ్రైవరుని కడిగేసింది. "ఎడమ అద్దం ఎందుకిచ్చారయ్యా నీకు, తల దువ్వుకోడానికా? అంత దగ్గర్నుంచి తిప్పితే వెనక భాగం ఎటు పోతుందో తెలీదూ?" ఆవిడ నోట అద్దం మాట రావడం ఏడాదిలో అదే మొదలు. ఆ పూట ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పోటీ ఆదివారం రానే వచ్చింది. ఆఫీసరమ్మ గొడుగేసుకుని కూర్చుంది. పళ్లాయన లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు. లెక్కల్లో తనకి రాని విద్యలేమైనా ఉన్నాయేమోనని గుమాస్తా చేత కూడా లెక్కపెట్టించాడు. పదకొండే. పన్నెండోవాడిగా దిగుతానన్న తాళాలు చేసే ఆయన కాలు బెణికిందని కబురంపాడు, అది కూడా మంచం దిగుతూ.

అప్పుడు కోనుని చంకలో పెట్టుకుని వదినగారు వచ్చింది.

"ఇదిగో, దీన్ని తీసుకోండి. దీని మూలంగా ఒకడి మీద అరిచాను. నాకు మనసు బాగాలేదు."

పళ్లాయనకి నాలుక చివరిదాకా వచ్చింది, ఎక్కండి వదినా, రోడ్డు నిలబడుతుంది అని. ఆవిడ బోర్డుల వంక చూడకుండా రోడ్డు అంచునే నిలబడింది. మాట మింగేశాడు.

"అక్కడ పెట్టండి వదినా. మీకిష్టం లేనిది ఎవరూ చేయమనరు. రోడ్డు పోతే పోయింది. ఇంకో వాలు వెతుక్కుంటాం." ఊళ్లో ఇంకో వాలు లేదని ఇద్దరికీ తెలుసు.

వదినగారు కోనుని వరసలో పెట్టింది. అది వెంటనే గెంతి ఆవిడ పక్కకే వచ్చేసింది. ఆవిడ నిట్టూర్చి, పళ్లాయన బోర్డుని తిరగేసి చూసింది. పని తెలిసినవాళ్ల చూపు.

"బ్రేకు ఎక్కడ?"

"లేదండీ."

"అద్దాలు?"

"లేవు."

"హారనూ?"

"మనం అరవడమే."

"రివర్సు ఎలా?"

"రివర్సా? దీనికి వెనక్కి పోవడమే ఉండదు వదినా. ముందుకే."

ఆవిడ ఆ నాలుగు చక్రాలనీ ఒక్కొక్కటే వేలితో తిప్పి చూసింది.

"అసలు ఉండదా?"

"ఉండదు."

"అయితే హెల్మెట్టివ్వండి."

బామ్మర్ది ఈల వేయబోయి, పళ్లాయన మొహం చూసి మానేశాడు. వదినగారు బోర్డెక్కి గాలిలో ఒక పెద్ద స్టీరింగు పట్టుకుంది. మోకాళ్లు వంచింది. వాలు లాక్కుంది. బస్సు తిప్పే మనిషి కదా, ముందు వెడల్పుగా పోయి ఆ తర్వాత తిప్పింది. తిప్పే లోపలే కోను చక్రాల కింద ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఒక్కటి కూడా మిగల్లేదు. అయినా పడలేదావిడ. "తప్పుకోండి! తప్పుకోండి!" అని తనే హారనై, కిందిదాకా నిలబడే దిగింది. దిగి, కళ్లు తెరిచింది.

పళ్లాయన ఇన్నేళ్లుగా కాపాడుకొస్తున్న ఆఖరి స్థానం ఆ దెబ్బతో పోయింది. భార్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది, ఎవరి కోసమో తేల్చి చెప్పలేదు.

"పన్నెండు మంది దిగారు" అంది ఆఫీసరమ్మ గొడుగు ముడుస్తూ. "బాగా దిగాలని మా రూల్లో లేదు. రోడ్డు మీది."

ఆ సాయంత్రం వదినగారి వెనక కోన్లన్నీ బడి వదిలిన పిల్లల్లా తోసుకుంటూ ఇంటికొచ్చాయి. మెట్టుకి ఒకటి చొప్పున నిలబడ్డాయి. మర్నాడు ఆవిడ వెంట డిపోకీ వెళ్లాయి. తర్వాత జరిగింది పళ్లాయనకి బస్సు కండక్టరు చెప్పగా తెలిసింది.

నిలబడటమంటే ఆ కోన్లకి తెలిసింది ఒకటే పద్ధతి: వరసగా, మధ్య మధ్య కాస్త చోటు వదిలి. అలాగే నిలబడ్డాయి, కిటికీ దగ్గర్నుంచి గేటుదాకా. బస్సు బయటికి పోవాలంటే వాటి మధ్యనుంచే పోవాలి. పొద్దుటి డ్రైవర్లందరూ దిగొచ్చి చూశారు. ఒక్కడూ సాహసించలేదు. ఒకటి తగిలితే చాలు, ఇక ఆదివారం పూట నిద్రకి నీళ్లొదిలినట్టే. గేటు బయట జనం గోల పెడుతున్నారు. మేనేజరు వచ్చి, "అమ్మా, మీ పరివారాన్ని మీరే చూసుకోవాలి" అన్నాడు.

ఆవిడ గేటు బయటి జనం వంక చూసింది. తర్వాత కిటికీ తలుపు మూసి, మొదటి బస్సెక్కింది. సీటు ముందుకి లాక్కుంది. అద్దం తుడిచింది. అంత పెద్ద బస్సునీ కోను కోనుకీ అటొకసారి ఇటొకసారి తిప్పుతూ తీసుకెళ్లింది. ఒక్కటి తగల్లేదు. బస్సు దాటిన కోను దాటినట్టే ఎగురుకుంటూ ట్యాంకు రోడ్డు వైపు వెళ్లిపోయింది. ఆఖరిది కూడా వెళ్లిపోయేసరికి బస్సు గేటు బయట ఉంది. తలుపు తెరుచుకోగానే జనం ఎక్కేశారు. ఎక్కినవాళ్లని దింపడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.

అదే వేళకి పళ్లాయన చేతిలో పళ్ల సెట్టు డబ్బా పట్టుకుని స్టాపులో నిలబడి ఉన్నాడు. బస్సు అలికిడి లేకుండా వచ్చి ఆయన ముందు ఆగింది.

"ఎక్కుతారా మరిదిగారూ, అలా నోరు తెరుచుకుని ఉంటారా? వెనక బండ్లు ఆగిపోయాయి."

"వదినా, మీరు..."

"నడిపేటప్పుడు డ్రైవరుతో మాట్లాడకూడదు. పైన రాశారు చూడండి."

ఆయన ఎక్కి, సరిగ్గా ఆవిడ వెనక సీట్లో కూర్చున్నాడు. మలుపుల్లో బస్సు మెత్తగా ఒరిగింది. పక్కన ఎవరి ఒళ్లోనో పసిపిల్ల నిద్రపోతోంది. ఆయన దిగాల్సిన డాక్టరుగారి వీధి వచ్చింది, పోయింది. ఆయన చెయ్యెత్తలేదు, గంట కొట్టమనలేదు, బస్సు చిట్టచివరి స్టాపుదాకా ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఊళ్లో ఎవరో పెద్దాయన పళ్లు లేకుండానే భోజనం కానిచ్చి ఉంటాడు.