సౌనాలో అన్న మాట

ఆట లేని కాలంలోనే ఆటగాడి అసలు రంగు బయటపడుతుందంటాడు రౌతలాహ్తి ఊరి ఐస్ హాకీ జట్టు కోచ్ రైమో. చలికాలంలో ఊరంతా చూస్తుంటే ఎవడైనా మంచుమీద పరిగెడతాడు. జూన్‌లో, చూసే దిక్కు లేనప్పుడు, స్కీ గెంతుల కొండ మెట్లు పొద్దున్నే ఎక్కి దిగేవాడే ఆటగాడట. ఆ లెక్కన యార్కోకి వంక పెట్టడానికి లేదు. వయసు ముప్ఫై ఐదు. తలలో తెలుపు, మోకాళ్ళలో చప్పుడు. జట్టుకు కెప్టెనై ఏళ్ళు గడిచినా కప్పు ముఖం చూసిన పాపాన పోలేదు. అయినా మెట్లెక్కడం మానలేదు.

పక్కన ఎక్కేవాడు సకరి. యార్కో భార్య హేలికి తమ్ముడు. ఆడేది మాత్రం ఇసోనీమి జట్టుకు, అంటే చలికాలమంతా అవతలి పక్షం. వేసవి వచ్చిందంటే ఇద్దరూ యార్కో మామగారింటికి చేరతారు, కలిసి మెట్లెక్కుతారు, సరస్సులో మునుగుతారు, ఒకే కంచంలో పొగబెట్టిన చేప తింటారు. ఆ ఉత్తరాది చలిదేశంలో దీన్ని ఎవరూ వింత అనుకోరు. ఆట వేరు, చుట్టరికం వేరు. అలాగని అందరూ నమ్ముతారు, నమ్మకం బెడిసేదాకా.

నడివేసవి పండగ ముందురోజు సాయంత్రం ఒడ్డున సౌనా, చెక్కలతో కట్టిన ఆవిరిస్నానం గది, కాగింది. మామగారు తన వంతు కానిచ్చి వలలు చూసుకోవడానికి పడవెక్కాడు. లోపల చెక్కబల్లమీద బావాబావమరుదులిద్దరే మిగిలారు.

"బావా, నీకు ముసలితనం వచ్చేసింది. మెట్లమీద నీ ఎగశ్వాసకి కాకులు లేచిపోయాయి."

"నువ్వు మాత్రం తక్కువా? నడుం పట్టుకుని కూలబడ్డావు. నోరు మూసుకుని నీళ్ళు పొయ్యి."

సకరి నవ్వుతూ గరిటెతో నీళ్ళు ముంచి, కాలిన రాళ్ళమీద పొయ్యడానికి కుడిచెయ్యి చాచాడు. చెయ్యి సగం దూరమే వెళ్ళింది. తడికొమ్మ విరిగినట్టు చప్పుడైంది, గరిటె నేలమీద పడింది. కుడి భుజం ఉండాల్సిన చోట లేదు. సకరి అరవలేదు. పళ్ళు బిగించి బల్లమీద వెల్లకిలా పడుకుని, "లాగు," అన్నాడు. యార్కో చంకకింద మడమ ఆనించి చెయ్యి పట్టుకుని, కీలు మళ్ళీ గూట్లో పడేదాకా లాగాడు. ఇద్దరికీ పట్టిన చెమటలో వేడికి పట్టిందెంతో, భయానికి పట్టిందెంతో చెప్పలేం.

"ఎప్పణ్ణించిరా ఇది?"

"కిందటేడు చలికాలం నుంచి. ఇంకో గట్టిదెబ్బ పడితే నరం తెగుద్దన్నాడు డాక్టరు. ఆ తరవాత చెయ్యి పైకి లేవదట."

"మరి మానెయ్యరా, ఎవరిని ఉద్ధరించాలని?"

"ఈ ఒక్క ఏడు బావా. ఆ తరవాత నాన్నతో వలలకి పోతా. ఆయనకి ఒంటరిగా లాగే ఓపిక అయిపోయింది. తాతల నాటి నీళ్ళు, వేరేవాళ్ళకి వదిలేస్తామా? వల లాగాలంటే ఈ చెయ్యి ఉండాలని నాకూ తెలుసులే. జాగ్రత్తగానే ఆడతా."

యార్కో కింద పడ్డ గరిటె తీసి రాళ్ళమీద నీళ్ళు పోశాడు.

"అక్కకి చెప్పకు," అన్నాడు సకరి. "మా కోచ్‌కి కూడా తెలీదు. తెలిసినవాళ్ళు ఇద్దరే. మా జట్టులో మాలిష్ చేసి కట్లు కట్టే కౌకో ముసలాయన, ఇప్పుడు నువ్వు. డాక్టరు ఎక్కడో రాజధానిలో ఉన్నాడు, ఆయన సంగతి వదిలెయ్యి."

"కడుపులో పెట్టుకుంటాను," అన్నాడు యార్కో.

వేరే ఒట్టు అక్కర్లేదు. సౌనాలో చర్చిలో ఉన్నట్టు ఉండాలని అక్కడి పిల్లలకు ఉగ్గుపాలతోనే నేర్పుతారు. అందులో అరవరు, అబద్ధమాడరు, అక్కడ విన్నది గడప దాటించరు. బట్టల్లేని మనిషి చెప్పే మాటకు బట్టలేసుకున్నాక వెల కట్టకూడదు.

ఆగస్టులో ఆటస్థలంలో మంచు పరిచారు. కొత్తవాళ్ళు వచ్చారు, పాతవాళ్ళ పొట్టలు తగ్గాయి. మొదటిరోజే రైమో మంచు మధ్యలో నిలబడి, "మీరు బాగా ఆడితే నాకు సంతోషం, బాగా ఆడకపోతే మీకు దుఃఖం," అని చెప్పి ఈల ఊదాడు. అంతకంటే పెద్ద ఉపన్యాసం ఆయన చేసినట్టు ఎవరూ ఎరగరు.

సెప్టెంబరు ఆశగా గడిచింది. అక్టోబరులో ఓటములు మొదలయ్యాయి. నవంబరు వచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికే చీకటి, జట్టు పట్టికలో అడుగున. కాగితం మిల్లు షిఫ్టు దిగి ఆట చూడ్డానికొచ్చే జనం ఈలలు వెయ్యడం కూడా మానేశారు, అది ఈలలకంటే ఘోరం. గోరుచుట్టుమీద రోకటిపోటులా గోల్‌కీపర్ వేలు విరిగింది. బస్సులో వెళ్ళడం, ఓడిపోవడం, బస్సులో రావడం. ఆ రోజుల్లో జట్టును నవ్వించినవాడు తాపియో ఒక్కడే. తలుపంత మనిషి, ఎదుటివాళ్ళకు తగిలి ఆపడమే వాడి పని. "మనం కింద ఉన్నామని ఏడవకండర్రా, పట్టిక తిరగేసి చూడండి," అనేవాడు.

క్రిస్మస్ తరవాత ఏం జరిగిందో రైమోకి కూడా తెలియదు. గెలవడం మొదలుపెట్టారు. జనవరి, ఫిబ్రవరి గెలుపులతో వెళ్ళిపోయాయి. మార్చిలో, ఆఖరి ఆట ఆఖరి నిమిషాల్లో, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం ఆడే ఆఖరి పోటీల్లో, అడుగుపెట్టారు. ఆచారం ప్రకారం మగాళ్ళంతా గడ్డాలు గీయడం మానేశారు. మొదటి మెట్టులో ఎదురైన జట్టు ఇసోనీమి. ఏడు ఆటల్లో నాలుగు గెలిచినవాడు ముందుకు, మిగిలినవాడు ఇంటికి.

హేలి ఆ వార్త విని కాఫీ గిన్నె దించింది. "నేనెవరివైపూ కూర్చోను," అంది. "మా తమ్ముడికి తగలనివ్వకు. నీకూ తగలనివ్వకు. ఆ పైన ఎవరు గెలిస్తే నాకేంటి?"

యార్కో నవ్వి కప్పులో కాఫీ వంచుకున్నాడు.

ఆ పోరులో సకరి ఆడిన ఆట గురించి రౌతలాహ్తిలో ఇప్పటికీ తిట్టుకుంటారు. ఆఖరి ఏడని వాడికి తెలుసు, అందుకే దాచుకున్నదేమీ లేనట్టు ఆడాడు. పక్కు, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, వాడి కర్రకు అంటుకుపోయినట్టుండేది. అయిదు ఆటలయ్యేసరికి ఇసోనీమికి మూడు, వీళ్ళకు రెండు. ఇంకొకటి ఓడితే బట్టలు సర్దుకోవడమే.

అయిదో ఆట మర్నాడు దుస్తుల గదిలో రైమో తెర వేసి సకరి ఆడిన తునకలు ఒకదాని వెంట ఒకటి చూపించాడు. "చూడండి. ఎడమ గోడవైపు వీడు సింహం. కుడి గోడ దగ్గరికి వస్తే ప్రతిసారీ ఒళ్ళు తిప్పుకుంటున్నాడు. వీడికేదో దెబ్బ ఉంది. ఎక్కడ?"

ఎవరూ పేరు పెట్టి అడగలేదు. కాని ఇరవైమంది చూపులు కెప్టెన్ మీదే ఉన్నాయి.

తాపియో పాదం ఎముక చిట్లి ఉంది. సూది వేయించుకుని ఆడుతున్నాడు. బయటివాళ్ళకు తెలియనివ్వరు, లోపల దాపరికం లేదు. ఐసు బక్కెట్లోంచి నల్లగా కమిలిన పాదం పైకి తీసి గుడ్డతో తుడుచుకుంటూ, మెల్లగా అన్నాడు.

"కెప్టెన్, నేను నిన్నేం అడగను. నీ ఇంటి సంగతి నాకెందుకు. కాని గోల్‌కీపర్ సరిగ్గా అతకని వేలితో నిలబడ్డాడు, నేను ఈ కాలితో పరిగెడుతున్నా. నువ్వు రమ్మంటేనే పరిగెడుతున్నా. అది గుర్తుంచుకో, చాలు."

రెండు గదులు. సౌనా ఒకటి, దుస్తుల గది ఒకటి. రెండింట్లోనూ మగాళ్ళు బట్టలిప్పి కూర్చుంటారు, రెండింటికీ ఒకటే కట్టుబాటు, లోపలి మాట బయటికి పోకూడదని. ఒక గది మాటను ఇంకో గది అడిగితే ఏం చెయ్యాలో మాత్రం ఏ పెద్దలూ చెప్పిపోలేదు. యార్కో తాపియో పాదం వైపే చూస్తున్నాడు. ఆ పాదానికి తాను అప్పున్నాననిపించింది. ఎదుట ఉన్న బాకీయే పెద్దదిగా కనిపిస్తుంది మనిషికి.

"కుడి భుజం," అన్నాడు.

రైమో తల ఊపి తెర ఆర్పేశాడు. ఎవరూ భుజం తట్టలేదు, మెచ్చుకోలేదు. నరం సంగతీ వలల సంగతీ చెప్పలేదు కదా, రెండు మాటలేగా అని యార్కో ఇంటికెళ్తూ దారంతా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. రెండు మాటలైతే దాటవా?

ఆరో ఆటలో రౌతలాహ్తివాళ్ళు సకరిని కుడి గోడవైపు తోలారు, పశువును దొడ్లోకి తోలినట్టు. ఐస్ హాకీలో ఒంటికి ఒళ్ళు తగిలించడం తప్పు కాదు. ఒకడు, తరవాత ఇంకొకడు, తరవాత తాపియో. అంతా నియమం ప్రకారమే, రిఫరీ ఈల ఊదాల్సిన పనే పడలేదు. సకరి పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. భుజం నిలిచింది గాని వాడి ఆట నిలవలేదు. రౌతలాహ్తి గెలిచింది. మూడు, మూడు. ఊరు ఊరంతా రోడ్డుమీదికి వచ్చింది. యార్కో ఇంట్లో హేలి భోజనం ముందు కూర్చుని, "వాళ్ళంతా వాడి ఆ చేతిమీదికే ఎందుకు వస్తున్నారు?" అని అడిగింది. యార్కో రై రొట్టెకు వెన్న రాస్తూ ఉండిపోయాడు.

ఏడో ఆట ఇసోనీమిలో. ఆఖరిదైన మూడో భాగం సగం గడిచినా రెండు జట్లూ సమానం. అప్పుడు సకరి పక్కు తీసుకుని కుడి గోడ వెంట దూసుకొచ్చాడు. ఎదురుగా యార్కో ఒక్కడు.

వాణ్ణి ఆపాలి. ఆపాలంటే తగలాలి. ఆ భుజానికి తగలడానికి యార్కోకి ఒళ్ళు రాలేదు, ఆ కీలును తన చేతులతోనే గూట్లో పెట్టాడు మరి. కాబట్టి తగలకుండా గోడవైపు దారి మూసేద్దామని ఆఖరి క్షణంలో గోడ పక్కకు జరిగాడు. సకరి దాన్ని పసిగట్టి మధ్యలోకి తిరిగాడు. తిరగడంతో కుడి భుజం మైదానం వైపుకు వచ్చింది. తాపియో అటునుంచే వస్తున్నాడు. కెప్టెన్ చెప్పిన చోటే తగిలాడు.

జూన్‌లో విన్న చప్పుడే మళ్ళీ వినిపించింది. ఈసారి వెనక ఇంకో చప్పుడు కూడా ఉంది, మెత్తగా, గుడ్డ చిరిగినట్టు. ఆట ఆగలేదు. దొరికిన పక్కును వీళ్ళవాడెవడో అవతలికి తీసుకెళ్ళి గోల్ వేశాడు. తోటివాళ్ళు మీదపడి కావలించుకుంటుంటే యార్కో వాళ్ళ భుజాల మీదుగా చూశాడు. కౌకో ముసలాయన మంచుమీద జారుతూ, తడబడుతూ, సకరి దగ్గరికి వెళ్తున్నాడు.

ఆ గోల్‌తోనే గెలిచారు.

పోరు ముగిశాక రెండు జట్లూ ఎదురెదురుగా బారు తీరి, ఒక్కొక్కరికీ చెయ్యి కలపాలి. ముక్కులు పగిలినా, పళ్ళు రాలినా, ఆ ఆచారం తప్పించినవాడు లేడు. సకరి దుస్తుల గదినుంచి తిరిగొచ్చి తనవాళ్ళ బారు చివర నిలబడ్డాడు. కుడిచెయ్యి ఛాతీకి కట్టేసి ఉంది. ఎడమచెయ్యి అందరికీ ఇస్తూ, "కప్పు తెచ్చుకోండి," అంటూ వస్తున్నాడు. తాపియోకీ అదే చెప్పాడు. తాపియో తల దించుకున్నాడు.

యార్కో దగ్గర ఆగాడు. ముఖం సున్నంలా ఉంది. వంగి, చెవి దగ్గర అన్నాడు.

"చెయ్యి పోయింది బావా. వేళ్ళు తెలీట్లేదు."

యార్కో ఆ కట్టువైపు చూశాడు.

"మా కౌకో అమ్మేశాడు నన్ను. తెలిసింది మీ ఇద్దరికే. నువ్వు కాదు కదా, మిగిలింది ఆయనేగా. కిందటి ఆటలో మీవాళ్ళంతా దీనిమీదికే వచ్చేసరికి తెలిసిపోయింది. పొద్దున అందరి ముందూ అడిగేశాను. తల్లిమీద ఒట్టేసి ఏడ్చాడు ముసలాడు. నమ్మలేదు. మా కోచ్‌కి చెప్పా, రేపణ్ణించి రానక్కర్లేదన్నాడు. అయినా చూడు, ఇవాళ మళ్ళీ తనే కట్టు కట్టాడు."

వెనక గోల్‌కీపర్ తన వంతు కోసం ఆగి ఉన్నాడు. ఊరుకుంటే చాలు, బారు దానంతటదే కదిలిపోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. బావాబావమరుదులు బావాబావమరుదుల్లాగే ఉంటారు. ఊరుకోవాలని యార్కోకి ఎంతగా అనిపించిందో మాటల్లో చెప్పలేం.

"ఆయన కాదురా," అన్నాడు. "నేను చెప్పాను."

సకరి చెయ్యి ఇంకా యార్కో చేతిలోనే ఉంది. వాడు దాన్ని విదిలించుకోలేదు. వినబడిందా లేదా అన్నట్టు బావ ముఖంలోకి చూశాడు, చాలాసేపు చూశాడు. తరవాత నెమ్మదిగా చెయ్యి తీసుకుని గోల్‌కీపర్‌కి ఇచ్చాడు. "కప్పు తెచ్చుకోండి," అన్నాడు.

బారు అయిపోయింది. రౌతలాహ్తివాళ్ళు కర్రలెత్తి తమ ఊరి జనం కూర్చున్న వైపు వెళ్ళారు. యార్కో వెళ్ళలేదు. ఇసోనీమి జట్టు బల్ల దగ్గర కౌకో తడి తువాళ్ళు ఏరుకుంటున్నాడు, రేపు రానక్కర్లేని మనిషి ఈరోజు పని పూర్తిచేస్తున్నట్టు. సకరి అక్కడికి జారుతూ వెళ్ళాడు. మంచుమీద, వేలమంది చూస్తుండగా, ముసలాయన ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఉన్న ఒక్క చేత్తో ఆయన నడుం చుట్టేసి, తల ఆయన పొట్టకు ఆనించాడు. కౌకో చేతిలోని తువాళ్ళు కింద పెట్టి వాడి జుట్టు నిమిరాడు.

అలా మోకాళ్ళమీద కూర్చోవలసినవాడు ఎవడో పైన కూర్చున్న జనానికి తెలియదు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. తెలిసినవాడు కెప్టెన్ చొక్కాతో మంచు మధ్యలో నిలబడి ఉన్నాడు, అతని కోసం అతని జట్టు పిలుస్తూనే ఉంది.