పోయినాయన పేరున బుక్ చేసిన హాలు

నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు ఉండాల్సిన చోట లేకపోతే మన్నించండి. రాయడమూ నెమ్మదే, ఈ కాస్తకి వారం పట్టింది. నా సంగతి నేనే చెప్పుకోవడానికి సిగ్గేసి, వీధిలో అందరూ పిలిచినట్టు గుండీలమ్మ అని రాస్తున్నాను.

గుండీలమ్మ బట్టలు కుడుతుంది. కూతురి పెళ్లికి ఫంక్షన్ హాలు అడ్వాన్సు కోసం మోటారు మిషన్ని బట్టల కొట్టాయన దగ్గర తాకట్టు పెట్టింది. పెళ్లి ఇరవై రోజులుందనగా లోకమంతటి మీదా ఆ జబ్బు వచ్చిపడింది. హాళ్లన్నీ మూసేశారు. ఇంట్లో కూర్చున్న రెండు నెలల్లో కూతురు ఆమెకి సంతకం నేర్పింది. బయట ప్రతివాళ్లకీ మాస్కు కావాలి, కుడదామంటే మిషన్ లేదు.

"శనివారం దాకా చూస్తానక్కా. తర్వాత అమ్మేస్తా, నన్ననొద్దు" అన్నాడు కొట్టాయన.

గురువారం పొద్దున్నే అడ్వాన్సు వెనక్కి అడగడానికి హాలుకి వెళ్లింది. గేటుకి తాళం. పక్కన గుమాస్తా కిటికీ మాత్రం తెరిచి ఉంది. అతను రసీదుని రెండు వేళ్లతో అంచు పట్టుకుని చూశాడు.

"ఎవరి పేరండీ ఇది?"

"మా ఆయనది."

"ఎవరి పేరున బుక్ చేస్తే వాళ్లే రావాలి. ఆయన్ని పంపండి."

"రారు బాబూ."

"జ్వరమా?"

"పోయారు."

గుమాస్తా కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ఎప్పుడు?"

"నాలుగేళ్లయింది."

"హమ్మయ్య" అని ముందుకొచ్చాడు. మళ్లీ ఆగాడు. "బుక్ చేసింది పోయినేడాది కదండీ?"

గుండీలమ్మకి అప్పుడు తట్టింది. ముప్పై ఏళ్లుగా ఏ కిటికీ దగ్గర పేరడిగినా ఆయన పేరు చెప్పి, కింద తన వేలిముద్ర వేసేది. గ్యాసుకైనా అంతే, కరెంటుకైనా అంతే. ఆయన పోయారు గానీ అలవాటు పోలేదు.

"వేలిముద్ర నాదే కదా! మళ్లీ వేస్తా, పోల్చి చూసుకో."

"ఇంకుప్యాడ్ ఎత్తేశామండీ. అందరి వేళ్లూ దాన్నే తాకుతాయి."

"పోనీ సంతకం పెడతా. ఇప్పుడొచ్చు."

"రసీదు మీద సంతకం లేదుగా, దేంతో పోల్చను?"

ఆమె తన బొటనవేలు వంక చూసుకుంది. మొన్నటిదాకా పనికొచ్చిన వేలు ఇవాళ పనికిరాదట. ఇవాళ వచ్చిన సంతకం మొన్నటికి పనికిరాదట.

గొడవ విని మేనేజరమ్మ వచ్చింది. "లేని మనిషి చేసిన బుకింగ్ చెల్లదు పెద్దమ్మా. చెల్లని బుకింగ్‌కి రిఫండ్ ఎలా ఇస్తాం?"

గుండీలమ్మ వాదించాలని కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. "బుకింగే చెల్లకపోతే, మీ దగ్గరున్న నా డబ్బు దేనిదమ్మా?"

మేనేజరమ్మ గుమాస్తా వంక చూసింది.

"అద్దె కాదు మేడమ్. విరాళమూ కాదు..."

"నువ్వుండు!" అని ఆమె ఓనరుకి ఫోను చేసింది. "ఆయన లేరండీ. కాదండీ, అప్పుడు కూడా లేరు. డబ్బు మాత్రం ఉంది." అలా మెట్ల మీద పైకీ కిందకీ తిరిగి తిరిగి, చివరికి వచ్చి గుమాస్తాకి చెప్పింది: "పొరపాటున జమైన సొమ్ము, వాపసు. అలా రాయి."

"ఎప్పుడిస్తారమ్మా?"

"ఇప్పుడే. రిఫండ్ల ఫైల్లో డెబ్బై మంది ఉన్నారు. పొరపాటు సొమ్ముకి నువ్వొక్కదానివే."

గుమాస్తా వాపసు కాగితం ముందుకు తోస్తే, గుండీలమ్మ కలం పట్టుకుని అడిగింది. "ఎవరి పేరు రాయాలి?"

"నీదే."

"నాదేనా?"

"నీదే తల్లీ, త్వరగా!"

అక్షరాలు త్వరగా రాలేదు. గుమాస్తా గోడకి ఆనుకుని ఆగాడు.

శుక్రవారానికి మిషన్ ఇల్లు చేరింది. కూతురు మాస్కులకి గుడ్డ కత్తిరిస్తూ అడిగింది. "ఇంతకీ హాలు రద్దు చేసింది మనమా, వాళ్లా?"

"ఎవరూ కాదటే. అసలు మనం తీసుకోనే లేదట."

"శుభలేఖల్లో అచ్చేయించాం కదమ్మా!"

గుండీలమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ, తనకీ తెలీదంది. అప్పుడే కాదు, నాకు ఇప్పటికీ తెలీదు.

ఇట్లు,
గుండీలమ్మ. వయసు అరవై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది బేకరీ పైన రెండో గదిలో, మిషన్‌తో. పక్క గదిలో కూతురూ అల్లుడూ.