తలుపు వెనక మొదటి రోజు

వ్యాపారం మొదలుపెట్టిన రోజు తమ్ముడి చేతిలో ఉన్నది అరవై వేలు. అక్క తెచ్చింది తన పాత కంప్యూటర్. ఆ రెండిటితో దర్జీ కొట్టు పైన ఒక గది తీసుకుని, ఊళ్ళోవాళ్ళ డేటాబేసులు నడపడం, వాటికి కాపీలు తీసి దాచడం పనిగా పెట్టుకున్నారు. ఏడాదిన్నరలో గది ఇరుకైంది. ఇద్దరి మధ్య మాటలు అంతకన్నా ఇరుకయ్యాయి. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ అక్కని ఉద్యోగానికి రమ్మంది. వచ్చేదీ రానిదీ సాయంత్రంలోగా చెప్పాలి.

"వెళ్ళు. ఎవరాపారు?" అన్నాడు తమ్ముడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆ పూటే పశువుల ఆసుపత్రి కేసులున్న డిస్కు చచ్చి కూర్చుంది.

బ్యాకప్ వెనక్కి తెచ్చేటప్పుడు ఆ గదిలో ఎవరూ ఉండకూడదు. ఏ రోజు కాపీ దించితే గది కూడా ఆ రోజుకి వెళ్ళిపోతుంది. ఓసారి కొరియర్ మనిషి లోపల ఉండిపోయాడు. నున్నగా గీయించుకుని వెళ్ళినవాడు మాసిన గెడ్డంతో బయటికొచ్చి, ఇవాళ మంగళవారమంటే ఎంతకీ నమ్మలేదు. ఇంటి ఓనరుకి మాత్రం ఈ పద్ధతి నచ్చింది. సున్నం ఖర్చు తగ్గిందని మురిసిపోతాడు.

మొదట నిన్నటి కాపీ దించారు. ఖాళీ.

"రోజూ పచ్చ టిక్కు పడిందిగా!" అని జుట్టు పీక్కున్నాడు తమ్ముడు.

"టిక్కు పడింది. లోపల ఏమీ పడలేదు. ఒక్కసారి తెరిచి చూడరా అంటే విన్నావా?"

"ఇప్పుడు దెప్పుతావేంటి?"

"ఇంకెప్పుడు దెప్పమంటావ్? రేపట్నించి ఇక్కడ ఉంటే కదా!"

ఆదివారం కాపీ బాగానే దిగింది. కిటికీలో తీగ రెండాకులు తగ్గింది. కేసులన్నీ వచ్చాయి. కానీ సెట్టింగులు రాలేదు. ఏ డాక్టరుకి ఏ గది, ఎవరు ఏది తెరవచ్చు, చీటీ ఏ ప్రింటర్లో రావాలి, ఏదీ దానికి గుర్తులేదు; అవి లేకుండా ఏ కేసూ తెరుచుకోదు. డిస్కులో చోటు మిగులుతుందని లెక్కలేసి, సెట్టింగుల కాపీ వద్దన్నది తమ్ముడే.

ఫోను మోగింది. ఆసుపత్రి రిసెప్షన్ ఆవిడ.

"ఇక్కడ ఆపరేషన్ బల్ల మీద కుక్క ఉంది బాబూ. దానికి ఏ మందు పడదో మీ పెట్టెలోనే ఉందట. డాక్టరుగారు నన్ను తిడుతున్నారు, నేను మిమ్మల్ని తిడుతున్నా."

"పది నిమిషాలమ్మా."

"ఇందాకా పదేగా అన్నావ్!"

సెట్టింగులున్న డిస్కు ఒక్కటే మిగిలింది. మొదటి రోజు, ఆసుపత్రివాళ్ళు మొదటి కస్టమర్‌గా చేరగానే, అక్క స్వయంగా తీసి పెట్టినది. దాన్ని తగిలించి, దిగిన కేసులు కదలకుండా సెట్టింగులు మాత్రమే దించేలా మీట నొక్కి, ఇద్దరూ మెట్ల మీదికొచ్చారు. ఆదివారం డిస్కు అక్క చేతిలోనే ఉంది.

"ఎక్కడో ఆగిపోయినట్టుంది," అన్నాడు తమ్ముడు.

"ఆగలేదు. కూర్చో."

"నీకెలా తెలుసు? ప్రతిదీ నీకే తెలుసా?"

విసురుగా లేచి లోపలికెళ్ళాడు. వెనకాల తలుపు దానంతటదే మూసుకుంది. మొదటి రోజుల్లో ఆ గడియ ఇరుక్కుపోయేది, తర్వాతెప్పుడో వడ్రంగిని పిలిచి మార్పించారు. గదితో పాటు ఆ పాత గడియా తిరిగొచ్చింది. అక్క గుంజింది, తన్నింది. తలుపు కదల్లేదు. సందులోంచి కొత్త సున్నం వాసన వచ్చింది.

"ఒరేయ్!" అని అరిచింది.

లోపల్నించి వాడి గొంతు వినబడింది. హుషారుగా, కాస్త బెరుగ్గా.

"అక్కా, తలుపు ఇరుక్కుంది. ఏం చెయ్యమంటావ్?"

ఏం చెయ్యమంటావ్ అని వాడు అడిగి ఎన్నాళ్ళైందో ఆమెకి గుర్తు రాలేదు.

"తలుపు సంగతి తర్వాత. తెర మీద ఏముంది?"

"పొద్దున చేరిన పశువుల ఆసుపత్రి. అప్పుడే ఇన్ని కేసులు వచ్చాయా?"

"వచ్చాయి. ఆపరేషన్‌కి రాసిపెట్టిన కుక్క కేసొకటుంటుంది, తెరువు. దేనికి పడదో చదువు."

చదివాడు. ఆమె అటు ఫోనులో చెప్పింది. "బతికించావమ్మా," అని పెట్టేసింది రిసెప్షన్ ఆవిడ.

"అక్కా, ఇంకోటి," అన్నాడు లోపల్నించి. "సెట్టింగులు కూడా రోజూ కాపీ తియ్యాలా? లెక్కేశాను, చోటు చాలా తింటుంది."

మొదటి రోజూ ఇదే అడిగాడు. అప్పుడామె భుజాలెగరేసి, నీ ఇష్టం అంది.

"తియ్యాలి. తీసి, తెరిచి చూడాలి కూడా."

"సరే," అన్నాడు వాడు. వాదించలేదు.

చేతిలో ఆదివారం డిస్కు. అది దించితే ఆదివారపు తమ్ముడు వచ్చేస్తాడు, ఏడాదిన్నర పనీ విసుగూ అన్నీ మోసుకుని. వాడు పోగొట్టుకున్నదేమిటో వాడికి చెప్పాలి. కావాలో వద్దో వాడే చెప్పాలి. డిస్కు సంచిలో పెట్టుకుని, పెద్ద కంపెనీకి ఫోను చేసింది.

"రావడం లేదండీ. ఇక్కడ ఇవాళే చేరాను."

తర్వాత ఫోను జేబులో వేసుకుని, "గడియ పైకెత్తి పట్టుకో రా, తోస్తున్నా," అని తలుపుకి భుజం ఆనించింది.